సెడ్జ్‌విక్ అవెన్యూ, 1520 నంబరు ఇల్లు

న్యూయార్క్ చూడ్డానికి వచ్చినవాళ్లను మనవాళ్లు ముందుగా స్టాట్యూ ఆఫ్ లిబర్టీకి తీసుకెళ్తారు, ఆ తర్వాత టైమ్స్ స్క్వేర్‌కి. నాకు మాత్రం హైదరాబాద్‌లో విమానం ఎక్కకముందు నుంచే నగరం ఉత్తర భాగమైన బ్రాంక్స్‌లోని ఒక అడ్రసు మనసులో ఉంది. జెర్సీ సిటీలో ఉండే మా అక్కకు చెబితే, "బ్రాంక్సా? అక్కడేముందిరా చూడ్డానికి?" అంది. నాకంటే ముందు మేనకోడలు జవాబిచ్చింది. "అమ్మా, ప్రాస కలిపి మాటలు కట్టే ర్యాప్, దానితోపాటు వచ్చిన డీజేలు, డాన్సు, అన్నీ కలిసిన హిప్‌హాప్ పుట్టిల్లు అది. మామయ్యతో నేనూ వెళ్తా" అని చెప్పులు వేసేసుకుంది.

జర్నల్ స్క్వేర్‌లో న్యూయార్క్ వెళ్లే పాత్ రైలెక్కి వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర దిగి, కొద్ది దూరం నడిచి ఫుల్టన్ స్ట్రీట్‌లో 4వ నంబరు సబ్‌వే పట్టుకున్నాం. మన్‌హట్టన్ పొడవునా ఆ రైలు నేల కిందే పోతుంది. 149వ వీధి దాటాక పైకొచ్చి ఒక్కసారిగా ఎండలో పడుతుంది. ఎడమ పక్క యాంకీ స్టేడియం. అక్కడి నుంచి జెరోమ్ అవెన్యూ మీద, ఇనుప స్తంభాలపైన, ఇళ్ల కిటికీల ఎత్తున సాగుతుంది. 176వ వీధిలో దిగితే పట్టాల కింద కార్ల మరమ్మతు షెడ్లు, సెల్‌ఫోన్ షాపులు, స్పానిష్ బోర్డులున్న హోటళ్లు. రైలొచ్చినప్పుడల్లా మాటలు ఆపేయాల్సిందే. అక్కడి నుంచి పడమటికి, హార్లెమ్ నది వైపు నడవాలి. బ్రాంక్స్‌లో ఈ భాగమంతా ఎత్తుపల్లాలే. కొన్నిచోట్ల వీధి ఆగిపోయి మెట్లు మొదలవుతాయి.

మెట్లు దిగి సెడ్జ్‌విక్ అవెన్యూకి వచ్చాం. 1520 నంబరు ఒక ఎత్తైన అపార్ట్‌మెంట్ టవర్. వందకు పైగా ఫ్లాట్లు, నున్నటి గోడలు, వరసగా కిటికీలు. ఎదురుగా మేజర్ డీగన్ ఎక్స్‌ప్రెస్‌వే మీద లారీల హోరు. దానికవతల నది. కొంచెం దక్షిణాన క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చి దీన్ని కలుస్తుంది. రెండు పెద్ద రోడ్ల మూలలో ఇరుక్కున్నట్టున్న ఇల్లు. ఈ వీధి ముక్కకు ఇప్పుడు హిప్‌హాప్ బులెవార్డ్ అని కూడా పేరు పెట్టారు. ఆ బోర్డు తప్ప, తెలియనివాళ్లు ఆగి చూడాల్సిన ఆనవాలు పెద్దగా ఏమీ లేదు. అది మనుషులు కాపురముంటున్న చోటు కాబట్టి లోపలికి వెళ్లకుండా ఎదుటి పేవ్‌మెంట్ మీదే నిలబడ్డాం.

1973 ఆగస్టు 11న ఈ టవర్ కింది అంతస్తులోని రిక్రియేషన్ రూమ్‌లో ఒక పార్టీ జరిగింది. ఏర్పాటు చేసింది సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి. వేసవి సెలవులు అయిపోతున్నాయి, స్కూల్ తెరిచేలోపు కొత్త బట్టలు కావాలి. దగ్గర్లోని ఫోర్డమ్ రోడ్‌లో అందరూ కొనేవి కాకుండా, మన్‌హట్టన్‌లోని డెలాన్సీ స్ట్రీట్‌లో కొత్త ఫ్యాషన్‌వి కొనుక్కోవాలని ఆమె కోరిక. హాలు అద్దెకు తీసుకుంది, చిన్న చిన్న కార్డుల మీద చేత్తో రాసి ఆహ్వానాలు పంచింది. ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు టికెట్. పాటలు పెట్టే పని అన్న క్లైవ్‌ది. వయసు 18. జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టి 1967లో బ్రాంక్స్ వచ్చిన కుర్రాడు. మనిషి దిట్టంగా ఉంటాడని స్నేహితులు హెర్క్యులిస్ అనేవాళ్లు, అదే హెర్క్ అయింది. ప్రపంచం అతన్ని డీజే కూల్ హెర్క్ అంటుంది.

హిప్‌హాప్ చరిత్ర చెప్పేవాళ్లందరూ హెర్క్ దగ్గర మొదలుపెడతారు. నా దృష్టిలో సిండీ దగ్గర మొదలుపెట్టాలి. హాలు, కార్డులు, టికెట్ రేటు, ఎవర్ని పిలవాలనే లెక్క అన్నీ ఆమెవే. పాట ఎంత గొప్పదైనా దానికి ముందు నలుగురిని ఒకచోట చేర్చేవాళ్లు ఒకరు ఉండాలి.

హెర్క్ చేసింది వింటే చాలా మామూలుగా అనిపిస్తుంది. పిల్లలు పాటంతా ఒకేలా డాన్స్ చేయడం లేదని అతను గమనించాడు. గొంతులు, మిగతా వాయిద్యాలు ఆగిపోయి డ్రమ్స్ మాత్రమే మోగే కొన్ని సెకన్లు ఉంటాయి, దాన్ని బ్రేక్ అంటారు. ఆడేవాళ్లందరూ దానికోసమే కాచుకుని, అది రాగానే మధ్యలోకి దూకేవాళ్లు. మరి ఆ ముక్కే ఎక్కువసేపు ఉంటే? ఒకే రికార్డువి రెండు కాపీలు తెచ్చి రెండు టర్న్‌టేబుళ్ల మీద పెట్టాడు. మొదటిదాని మీద బ్రేక్ అయిపోగానే రెండోదాని మీద అదే బ్రేక్, ఈలోపు మొదటిదాన్ని వెనక్కి తిప్పి సిద్ధం. గాయకుడు జేమ్స్ బ్రౌన్ పాటలో క్షణాల్లో అయిపోయే దరువు నిమిషాల తరబడి మోగింది. ఈ పద్ధతికి అతను పెట్టుకున్న పేరు మెర్రీ గో రౌండ్. బ్రేక్‌లో ఆడేవాళ్లు బీ బాయ్‌లు, బీ గర్ల్స్ అయ్యారు. పక్కన మైకు పట్టుకున్న స్నేహితుడు కోక్ లా రాక్ వచ్చినవాళ్లను పేరు పెట్టి పిలుస్తూ, ప్రాస కలుపుతూ ఊపు తెచ్చేవాడు. జమైకాలో సౌండ్ సిస్టమ్‌లు వీధుల్లో పెట్టుకుని పాట మీద మాటలు కట్టే అలవాటు అప్పటికే ఉంది. హెర్క్ చిన్నప్పుడు చూసి వచ్చింది అదే. బుర్రకథలో కథకుడికి వంతలు అందించినట్టు, ఇక్కడ మైకు పట్టుకున్నవాడికి హాలంతా కలిసి జవాబు చెప్పేది.

అక్కడి నుంచి ఉత్తరంగా నడిస్తే సెడార్ ప్లేగ్రౌండ్ వస్తుంది. రిక్రియేషన్ రూమ్ చాలక హెర్క్ పార్టీలను ఈ ఆటస్థలానికి తెచ్చాడు. కరెంటు వీధి దీపాల స్తంభాల నుంచి లాగేవాళ్లు. మేం వెళ్లేసరికి పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు. ఒక బెంచీ మీద పెద్దాయన ఒకరు చిన్న స్పీకర్ పెట్టుకుని పాత సోల్ పాటలు వింటున్నారు. మా మేనకోడలు పలకరిస్తే, ఆ పార్టీలు తను చూశానని చెప్పి, స్పీకర్లు ఎక్కడ పెట్టేవారో చెయ్యి చాచి చూపించారు. బాస్ శబ్దం కాళ్ల కిందినుంచి వచ్చేదన్నారు. అంతకు మించి ఆయన్ని కదపలేదు, పాటకు అడ్డం వస్తున్నామనిపించింది.

ఆ ఆటస్థలంలో కూర్చునే మా ఇద్దరి మధ్యా వాదన మొదలైంది. "మామయ్యా, పేదరికం వల్లే హిప్‌హాప్ పుట్టిందని అందరూ రాస్తారు, నాకు నచ్చదు" అంది. నాకూ నచ్చదు. పేదరికం పాటలు పుట్టించదు, మనుషులు పుట్టిస్తారు. కానీ ఈ చోటికి ఏం జరిగిందో తెలియకపోతే ఆ మనుషులు చేసిన పని ఎంత పెద్దదో అర్థం కాదు.

క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే పనులు 1948లో మొదలయ్యాయి. రాబర్ట్ మోజెస్ అనే అధికారి గీసిన గీత బతికున్న పేటల మధ్య నుంచి పోయింది. ఈస్ట్ ట్రెమాంట్ దగ్గర ఒక్క మైలు రోడ్డు కోసమే 1,530 కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది. తర్వాత ఉద్యోగాలు తరలిపోయాయి, బ్యాంకులు ఆ పేటలకు అప్పులివ్వడం మానేశాయి. అద్దె కంటే బీమా డబ్బే లాభమని కొందరు యజమానులు సొంత భవనాలకే నిప్పు పెట్టించారు. అదే సమయంలో నగరం డబ్బు లేదని ఫైర్ స్టేషన్లు మూసేసింది. 1970 నుంచి 1980 మధ్య సౌత్ బ్రాంక్స్‌లో కొన్ని జనగణన బ్లాకులు 97 శాతానికి పైగా భవనాలు పోగొట్టుకున్నాయి. ఆ అంకె మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పేమో అనుకుని వేరేచోట్ల వెతికాను, అన్నిచోట్లా అదే ఉంది.

గ్యాంగులు కూడా అప్పుడే పెరిగాయి. 1971 డిసెంబరులో, గొడవ ఆపడానికి మధ్యలోకి వెళ్లిన ఘెట్టో బ్రదర్స్ అనే గ్యాంగు సభ్యుడు బ్లాక్ బెంజీని కొట్టి చంపేశారు. అందరూ యుద్ధం తప్పదనుకుంటే ఘెట్టో బ్రదర్స్ పగ వద్దన్నారు. డిసెంబరు 8న హో అవెన్యూ బాయ్స్ క్లబ్‌లో గ్యాంగులన్నిటినీ కూర్చోబెట్టి మాట్లాడారు. ఆ సంధి పూర్తిగా నిలవలేదు. అయినా ఒక వీధి కుర్రాళ్లు ఇంకో వీధికి పార్టీకి వెళ్లగలిగే వీలు కొంతైనా ఏర్పడింది. సిండీ పార్టీ ఆ తర్వాత రెండేళ్లు తిరక్కుండానే జరిగింది. ర్యాప్ అంటే కొట్లాటల పాట అని మన ఇళ్లలో అనేవాళ్లకు నేను ముందు ఈ హో అవెన్యూ సంగతే చెబుతాను.

మధ్యాహ్నం క్యాబ్‌లో షార్లెట్ స్ట్రీట్‌కి వెళ్లాం. 1977 అక్టోబరులో ప్రెసిడెంట్ జిమ్మీ కార్టర్ వచ్చి ఇక్కడి శిథిలాల మధ్య నిలబడ్డారు, ఆ ఫొటోలు దేశమంతా చూసింది. ఇప్పుడక్కడ పచ్చిక, కంచెలు ఉన్న ఒంటి అంతస్తు ఇళ్లు. 1980ల్లో కట్టినవి. ఆగి చూడ్డానికి ఏమీ లేదు, అదే చూడాల్సిన విషయం.

దారిలో మేనకోడలు ఫోన్‌లో హెర్క్ తర్వాతివాళ్ల పాటలు వినిపించింది. గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బార్బడోస్‌లో పుట్టి బ్రాంక్స్‌లో పెరిగాడు, ఎలక్ట్రానిక్స్ పిచ్చి. బ్రేక్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రికార్డు మీద క్రేయాన్‌తో గుర్తు పెట్టుకుని, హెర్క్ చేతి అంచనాతో చేసినదాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చాడు. గ్రాండ్ విజార్డ్ థియోడర్ ఇంకా చిన్నవాడు. గదిలో సౌండు తగ్గించమని తల్లి కేకలేస్తుంటే రికార్డును చేత్తో ఆపి అటూ ఇటూ జరిపాడు, ఆ చప్పుడు అతనికి నచ్చింది. స్క్రాచింగ్ అలా వచ్చింది. వాయిద్యాలు కొనే స్తోమత లేని ఇళ్లలో రికార్డు ప్లేయరే వాయిద్యమైంది.

1979లో ర్యాపర్స్ డిలైట్ వచ్చింది. హడ్సన్ నది దాటి న్యూజెర్సీలోని ఎంగిల్‌వుడ్‌లో సిల్వియా రాబిన్సన్ ముగ్గురిని కూర్చి షుగర్‌హిల్ గ్యాంగ్ పేరుతో తీసిన రికార్డు. దాంతో ర్యాప్ అమెరికా అంతా పాకింది. అయితే ఆ ముగ్గురిలో ఒకరు పాడిన పంక్తుల్లో చాలావరకు బ్రాంక్స్ ర్యాపర్ గ్రాండ్‌మాస్టర్ కాజ్ రాసుకున్నవి. కాజ్‌కు పేరూ రాలేదు, డబ్బూ రాలేదు. పార్టీల కాలంలో హెర్క్ రికార్డులేమీ విడుదల చేయలేదు. 2011లో ఆయన జబ్బు పడినప్పుడు ఆరోగ్య బీమా లేదని పత్రికల్లో వచ్చింది. వేల కోట్ల వ్యాపారానికి మొదటి ఇటుక పెట్టిన మనిషి పరిస్థితి అది. 2023లో ఆయన్ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. సంతోషమే. యాభై ఏళ్లు పట్టింది.

సెడ్జ్‌విక్ ఇంటి కథ కూడా ఇంతే. 2007లో న్యూయార్క్ రాష్ట్రం దాన్ని హిప్‌హాప్ జన్మస్థలంగా గుర్తించింది. ఆ రోజుల్లోనే యజమానులు దాన్ని తక్కువ అద్దెల పథకం నుంచి బయటికి తీయాలని చూస్తున్నారు. అద్దెకున్నవాళ్లు సంఘం కట్టి పోరాడారు, హెర్క్ వాళ్ల పక్కన నిలబడ్డాడు. అయినా 2008లో లాభం చూసుకునే పెట్టుబడిదారుల చేతికి వెళ్లి, నిర్వహణ దిగజారింది. తర్వాత నగరం కల్పించుకున్నాక, అందుబాటు అద్దెల ఇళ్లు నడిపేవాళ్ల చేతికి వచ్చింది. పాట ప్రపంచమంతా తిరుగుతుంటే, అది పుట్టిన ఇంట్లో మనుషులు అద్దె కోసం కొట్లాడుకోవాల్సి రావడం నన్ను చాలా బాధపెట్టిన విషయం.

ఇంకో రోజు ఎఫ్ రైల్లో క్వీన్స్‌బ్రిడ్జ్ వెళ్లాం. ఇది మా మేనకోడలి ఎంపిక. 1939లో తెరిచిన సర్కారు ఇళ్ల సముదాయం, 3,000కు పైగా ఫ్లాట్లు. అమెరికాలో ఇంత పెద్దది ఇంకోటి లేదు. ర్యాపర్ నాస్, రికార్డుల నిర్మాత మార్లీ మార్ల్ ఇక్కడివాళ్లే. ఆమె వచ్చింది మాత్రం ర్యాపర్ రొక్సాన్ షాంటే కోసం. 1984లో, 14 ఏళ్ల వయసులో, బట్టలు ఉతకడానికి వెళ్తూ దారిలో మార్లీ మార్ల్ ఇంట్లో ఆగి రికార్డు చేసిన పాటతో మగవాళ్లకు దీటుగా జవాబిచ్చిన అమ్మాయి. అక్కడున్నంతసేపూ మేనకోడలు షాంటే గురించే చెప్పింది. ఆ తర్వాత ఈస్ట్ హార్లెమ్‌లో 106వ వీధి స్కూలు ఆవరణ గోడల మీద స్ప్రే రంగులతో వేసిన బొమ్మల గ్రాఫిటీ హాల్ ఆఫ్ ఫేమ్ చూశాం. 1980లో మొదలైంది. రంగులు మనిషి ఎత్తును మించి ఉన్నాయి. గేటు బయటినుంచే చూసినా కళ్లు నిండిపోయాయి.

ఈ పాట తర్వాత ఎక్కడెక్కడికి వెళ్లిందో చెప్పాలంటే ఇంకో యాత్ర కావాలి. 2018లో ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బమ్‌కు పులిట్జర్ బహుమతి ఇచ్చారు. సిండీ హాల్లో చేసిన డాన్స్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రేకింగ్ అనే పోటీ అయింది, బీ గర్ల్స్‌లో జపాన్ అమ్మాయి అమీకి బంగారు పతకం వచ్చింది. ముంబై గల్లీల్లో హిందీ, మరాఠీ ర్యాప్ వచ్చింది. మన హైదరాబాద్‌లో రోల్ రైడా లాంటివాళ్లు తెలుగులో ర్యాప్ కడుతున్నారు. తమ పేట పేరు, తమ యాస దాచుకోకుండా మైకులో చెప్పడం వీళ్లందరికీ బ్రాంక్స్ నుంచే వచ్చిందని నేను నమ్ముతాను.

తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ బ్రాంక్స్ వెళ్లాం, ఈసారి నది ఒడ్డున బ్రాంక్స్ పాయింట్‌కి. 149వ వీధి స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. హిప్‌హాప్ మ్యూజియానికి 2021లో ఇక్కడే శంకుస్థాపన చేశారు. నేను వెళ్లేసరికి ఇంకా తెరవలేదు. బయట నిలబడి చూస్తుంటే మేనకోడలు భుజం తట్టి పైకి చూపించింది. మ్యూజియం కింది అంతస్తుల్లో, దాని పైన ఐదొందలకు పైగా ఫ్లాట్లు. అన్నీ సామాన్యులు కట్టగలిగే అద్దెలకు ఇవ్వాలనే ఒప్పందంతో కట్టినవి. సెడ్జ్‌విక్ వాళ్లు ఏళ్ల తరబడి పోరాడింది దీనికోసమే కదా అన్నాను. "అవును మామయ్యా, మ్యూజియం కంటే నాకు ఇదే నచ్చింది" అంది. నాకూ అంతే. తెరిచాక మళ్లీ వస్తే సిండీ చేత్తో రాసిన ఆ ఆహ్వానం కార్డు అక్కడ పెట్టారా లేదా అనేది ముందు చూస్తాను.