డెక్ కింద తడి ఆరేదాకా: నా అనుభవం

మేముండేది అమెరికాలో జార్జియా రాష్ట్రం, అట్లాంటాకి ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీ. ఇక్కడ నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది కాబట్టి చాలా ఇళ్ళకి వెనకవైపు నుంచి నేరుగా పెరట్లోకి వెళ్ళే బేస్‌మెంట్ ఉంటుంది. దాని పైన, వంటింటి తలుపు ఎత్తులో చెక్క పలకలు పరిచిన ఆరుబయటి అరుగు, అంటే డెక్. మాది 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. కింద మంచి గచ్చు ఉంది గానీ వాన పడితే అక్కడ నిలబడలేం. పలకల సందుల్లోంచి ధారగా కారుతుంది. వాన వెలిశాక కూడా గంటసేపు చుక్కలు పడుతూనే ఉంటాయి.

అమ్మా నాన్నా అమలాపురం నుంచి ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారు, వాళ్ళ గది బేస్‌మెంట్‌లోనే. తలుపు తీయగానే ఉయ్యాల ఉండాలని నా కోరిక. పలకలకి రెండు రోజులు కూర్చుని సీలర్ పూశాను. సీలర్ వల్ల చెక్క నీళ్ళు పీల్చదు, అంతే. సందుల్లోంచి దిగే నీళ్ళు దిగుతూనే ఉన్నాయి.

ఇద్దరు కాంట్రాక్టర్లను పిలిచాను. ఒకరు దూలాల అడుగున ప్యానెళ్ళు బిగించి సీలింగ్ లాగా చేస్తామన్నారు. ఒక్క రోజు పని. ఇంకొకరు పలకలన్నీ విప్పి, దూలాల మధ్య దళసరి ప్లాస్టిక్ షీటుతో కాలువలు వేయాలన్నారు. ఖర్చు ఎక్కువ, కానీ నీళ్ళు దూలాల దాకా కూడా రావు. అమ్మావాళ్ళు వచ్చేలోపు పని అయిపోవాలన్న టెన్షన్‌లో మొదటివాళ్ళకే సరే అనబోయాను. ఫోన్లో నాన్నతో అంటే ఆయన ఒకటే అడిగారు. "గది లోపల గోడ ఎలా ఉందమ్మా?"

తలుపు పక్కన కార్పెట్ అంచు కొంచెం ముక్క వాసన వేస్తోంది. అది చెమ్మ అనుకుని వదిలేశాను. నాన్న వినలేదు. మా పెంకుటిల్లు కారినప్పుడు తాతయ్య చూరు దగ్గర మొదలుపెట్టి, ఒక్కో వరుస మీదా చెంబుతో నీళ్ళు పోస్తూ పైకి వెళ్ళేవారట. ఏ వరుసలో పోసినప్పుడు లోపల చుక్క పడితే అక్కడే పగులు. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు అన్ని వరుసల మీదా పారి, ఏదీ తేలదు.

ఆ శనివారం గార్డెన్ పైపుతో అలాగే చేశాం. కింద గోడ తడిపాం, పావుగంట ఆగాం, ఏమీ లేదు. తలుపు ఫ్రేము, ఏమీ లేదు. డెక్ ఇంటికి ఆనుకునే గీత మీద నీళ్ళు పట్టేసరికి, లోపల కార్పెట్ దగ్గర కూర్చున్న మా ఆయన కేకేశారు.

గోడ పక్కనున్న రెండు పలకలు విప్పి చూశాను. డెక్ దూలాలన్నీ ఒక చివర ఇంటి గోడకి బిగించిన లెడ్జర్ బోర్డు మీద ఆధారపడతాయి. ఆ బోర్డు పైన, గోడ సైడింగ్ (గోడకి బయటవైపు కప్పే పలకలు) కిందికి దూరేలా వంచిన రేకు ఉండాలి. దాన్ని ఫ్లాషింగ్ అంటారు. చూరు నీళ్ళను గోడకి తగలకుండా పడేసినట్టు, అది నీళ్ళను బోర్డు ముందువైపుకి తోసేస్తుంది. మా ఇంటికి అది అసలు వేయలేదు. బోర్డుని స్క్రూడ్రైవర్‌తో గుచ్చితే బొటనవేలంత లోతు మెత్తగా దిగింది. డెక్‌లు కూలడానికి ఒక ముఖ్య కారణం ఈ బోర్డు పుచ్చి ఇంటి నుంచి ఊడిపోవడమే. ఉగాదికి అదే డెక్ మీద ఇరవై మందికి భోజనాలు పెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్యానెళ్ళు బిగించి ఉంటే ఇదంతా వాటి వెనక దాగిపోయేది.

కౌంటీ పర్మిట్ తీసుకుని రెండో కాంట్రాక్టర్‌కే పని ఇచ్చాం. దూలాల కింద తాత్కాలికంగా స్తంభాలు పెట్టి, పాత లెడ్జర్ తీసి కొత్తది బోల్టులతో బిగించారు. ఇక్కడ ఒక్క విషయంలో నేను పట్టుబట్టాను. 2003 చివరి నుంచి అమెరికాలో ఇళ్ళకి వాడే చెక్కకి పుచ్చకుండా పట్టించే ఆర్సెనిక్ మందు మానేశారు. ఇప్పుడు వాడే మందుల్లో రాగి ఎక్కువ. ఆ రాగి తడిలో మామూలు మేకుల్నీ, ఉత్త అల్యూమినియం రేకునూ తినేస్తుంది. అందుకని స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్లాషింగ్, దళసరిగా జింకు పూత పట్టించిన బోల్టులే కావాలన్నాను.

దూలాలు 16 అంగుళాల ఎడంతో ఉన్నాయి, అంటే 18 కాలువలు. అడుగుకి పావు అంగుళం చొప్పున ఇంటి నుంచి బయటికి వాలు, 14 అడుగులకి మూడున్నర అంగుళాలు. షీటు అతుకుల మీద, దూలాల నెత్తిన బ్యూటైల్ టేపు (రబ్బరులా సాగే జిగురు టేపు) అంటించారు. పలక స్క్రూ ఆ టేపులోంచి దిగితే అది స్క్రూ చుట్టూ పట్టుకుంటుంది. ఒక్క అంగుళం వాన పడితే మా డెక్ మీద దాదాపు 800 లీటర్లు. అందుకే కాలువల నీళ్ళు చేరే గట్టర్‌కి (అంచున బిగించే తొట్టి లాంటి కాలువ) రెండు చివర్లా గొట్టాలు పెట్టించాను.

పలకలు వేయకముందే మళ్ళీ పైపు పట్టాం. పట్టకపోతే పొరపాటు చేసేవాళ్ళం. రెయిలింగ్ స్తంభం షీటులోంచి పైకొచ్చే ఒక మూల నుంచి సన్నగా కారింది. ఆ స్తంభం చుట్టూ షీటు ముక్కని నాలుగు వైపులా మడిచి, కింది నుంచి పైకి ఒకదాని మీద ఒకటి వచ్చేలా అతికించారు. ఇలాంటి పని చేయించుకునేవాళ్ళెవరైనా పలకలు మూయకముందే కనీసం గంటసేపు నీళ్ళు పట్టించండి, స్తంభాల దగ్గర మరీ ముఖ్యంగా.

కొత్త పలకలు పచ్చిగా వచ్చాయి. ఆరాక కుంచించుకుంటాయని సందు లేకుండా ఆనించి వేశారు. రెండు నెలలకి సందులు వాటంతట అవే వచ్చాయి. రంగు ఆ తర్వాతే వేశాను.

అమ్మా నాన్నా జూన్‌లో వచ్చారు. రెండో వారంలో సాయంత్రం పెద్ద ఉరుముల వాన. ఉయ్యాల మీద అమ్మ, కుర్చీలో నాన్న. చేటతో చెరిగినట్టు వాన గడ్డి మీద పడుతోంది, గొట్టాల్లో గలగలమని నీళ్ళు, గచ్చు పొడిగా ఉంది. నాన్న లేచి తలుపు పక్క గోడ మీద అరచెయ్యి పెట్టి చూశారు. తర్వాత గదిలోకి వెళ్ళి, కార్పెట్ అంచు ఎత్తి, అక్కడ కూడా చూసి వచ్చి కూర్చున్నారు.