యాభై గంటల ఇంజను

మా చిన్న మావయ్య 2003లో సెకండ్‌హ్యాండ్‌లో ఒక తెల్ల అంబాసిడర్ కొన్నాడు. అప్పటికే విశాఖపట్నం రైల్వే స్టేషన్ టాక్సీ స్టాండులో ఆయనకి పద్దెనిమిదేళ్ల సర్వీసు. బండి తెచ్చిన సాయంత్రం మల్కాపురంలో మా ఇంటి ముందు ఆపి, ఇంజన్ ఆపకుండానే దిగి, "బావా, ఓపాలి బయటికి రా. ఇను" అని పిలిచాడు.

నాన్న షిప్‌యార్డులో ఇంజన్ ఫిట్టరు. బనీను మీదే బయటికొచ్చి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. అమ్మ గుమ్మంలోంచి "ఏటి, కారుకి జొరమా?" అంది. నాన్న చెయ్యి తియ్యకుండానే, "ఇది పాత ఇంజను కాదు కదరా" అన్నాడు.

"కాదు బావా. జపానుది. ఇసుజు."

ఆ పేరు మా ఇంట్లో వినపడటం అదే మొదలు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి, ఆ పాటికి పిల్లలకి అదే పాఠం చెప్తున్నాను కాబట్టి నాకు కొంచెం తెలుసు. కానీ తెలుసని ఆ రోజు చెప్పలేదు. ఇంజన్ గురించి మావయ్య మాట్లాడుతుంటే మధ్యలో దూరితే ఆయనకి కోపం.

సంగతేమిటంటే, అంబాసిడర్ బయటికి 1950ల నాటి ఇంగ్లీషు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డే అయినా లోపల గుండెని మధ్యలో మార్చారు. అంతకుముందు చాలా ఏళ్లు ఇంగ్లండు నుంచి వచ్చిన 1489 సీసీ ఇంజన్ల వంశం. అంబాసిడర్ చేసిన హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1980ల్లో కాంటెస్సా అనే తమ ఇంకో కారు కోసం ఇసుజుతో చెయ్యి కలిపారు. 1990ల్లో ఆ ఇంజన్లే అంబాసిడర్‌కీ వచ్చాయి. పెట్రోలుది 1817 సీసీ, డీజిల్‌ది 1995 సీసీ. పెట్రోలు బండి డిక్కీ మీద 1800 ఐఎస్‌జెడ్ అని ఉండేది. ఆ మూడక్షరాల్లో ఇసుజు దాక్కుని ఉందని ఎక్కేవాళ్లలో ఎవరికీ పట్టదు. మావయ్యది డీజిల్.

తేడా ఎంతో తెలియాలంటే అరకు వెళ్లాలి. మావయ్య పాత డీజిల్ బండిలో చిన్నప్పుడు మేం రెండుసార్లు వెళ్లాం. ఎస్.కోట దాటి బొడ్డవర వచ్చేసరికి మావయ్య మాటలు ఆపేసేవాడు. ఘాట్ మొదలయ్యాక సెకండ్ గేరు, కాసేపటికి ఫస్ట్ గేరు, ఆ పైన బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఆగగానే మా అన్నయ్య దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాలి. అది వాడి డ్యూటీ. ఆ రాయిని డిక్కీలో గోనెసంచి మీద దాచుకునేవాడు, ఘాట్‌లో రాళ్లకేదో కరువైనట్టు. నేను ఊట దగ్గర నీళ్ల క్యాను నింపుకుని రావాలి. మావయ్య రేడియేటర్ మూత మీద తడిగుడ్డ మడిచి పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని, పావు తిప్పు తిప్పి వదిలేవాడు. బుస్సున వేడినీళ్లు లేచేవి. ఆ తర్వాత అరగంట అక్కడే. చేసుకొచ్చిన పులిహోర ఎప్పుడూ ఆ వంపులోనే అయిపోయేది, అరకులో తిన్నది లేదు.

ఇసుజు బండి అదే ఘాట్‌ని మూడో గేర్లో ఎక్కింది. అన్నయ్య అప్పటికి పెళ్లయి పిల్లలున్నవాడు. రాయి మాత్రం అలవాటుగా డిక్కీలో పెట్టుకొచ్చాడు. అనంతగిరి దాటాక "ఆపండి మావయ్యా, పులిహోర తిందాం" అంటే, "ఎందుకురా ఆపడం, బండి అడగలేదు కదా" అన్నాడు మావయ్య.

అన్నీ మెచ్చుకోలే కాదు. పాత బండిలో గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది, ముందు బెంచీ సీటు మీద డ్రైవరు కాక ఇద్దరు, అవసరమైతే ముగ్గురు. ఈ బండిలో గేర్ రాడ్డు కిందకి దిగింది. మధ్యలో కూచున్నవాళ్ల మోకాలికి రాడ్డు తగులుతుంది. పెళ్లి ట్రిప్పుల్లో ఒక మనిషి తగ్గాడంటే ఒక మనిషి డబ్బులు తగ్గినట్టే కదా అని మావయ్య ఏడుపు. ఇంకొకటి, పొద్దున్నే ఇంజన్‌ని వేడిచేసే హీటర్ లైటు ఆరేదాకా స్టార్ట్ చెయ్యకూడదు. డిసెంబరులో అరకులో తెల్లారగట్ల ఆ నాలుగు క్షణాలు ఆగలేక, కడకడా కొట్టి కొట్టి బ్యాటరీ దించేశాడు ఒకసారి. టూరిస్టులు స్వెట్టర్లేసుకుని బండి తోశారు. కిరాయిలో వంద తగ్గించుకున్నారు కూడా.

ఆ సాయంత్రం పేరు దగ్గరికి వస్తాను. కాఫీ తాగుతూ మావయ్య, "ఇసుజు అంటే అర్థం ఏటుంటాదో" అన్నాడు. అప్పుడు నోరు విప్పాను. జపాన్‌లో ఈసె అని పెద్ద పుణ్యక్షేత్రం ఉంది, దాని పక్కన పారే నది పేరు ఇసుజు, ఆ మాటకి యాభై గంటలు అని అర్థం, అన్నాను. మావయ్య కాఫీ గ్లాసు కింద పెట్టేసి, "యాభై గంటలు ఆగకుండా నడుస్తాదా?" అన్నాడు. గుడి గంటలు మావయ్యా, టైము గంటలు కాదు అని ఎంత చెప్పినా ఎక్కలేదు. మర్నాటి నుంచి స్టాండులో ఇదే ప్రచారం. ఇప్పటికీ ఆ స్టాండు పాతవాళ్లలో ఒకరిద్దరు దాన్ని యాభై గంటల ఇంజను అనే అంటారు. ఒక కంపెనీ పరువు ఇంత తేలిగ్గా పెరగడం నేనింకెక్కడా చూళ్లేదు.

నాన్నని పట్టుకున్నది పేరు కాదు, పుట్టుక. ఇసుజు మూలం ఒక షిప్‌యార్డు. టోక్యోలో సుమిదా నది ఒడ్డున ఇషికవాజిమా అని 1853లో మొదలైన ఓడల కార్ఖానా. వాళ్లు 1916లో మోటారు బళ్లు చెయ్యాలనుకున్నారు. 1918లో ఇంగ్లండు వూల్స్‌లీ కంపెనీతో ఒప్పందం చేసుకుని, 1922లో జపాన్‌లో తయారైన మొదటి వూల్స్‌లీ కారు బయటికి తెచ్చారు. ఆ తర్వాత కార్ల కన్నా లారీల మీద పడ్డారు. సైన్యానికి పనికొచ్చే లారీ చేస్తే ప్రభుత్వం సాయం చేసేది మరి. 1934లో లారీలకి ఆ నది పేరు పెట్టారు. 1930ల్లోనే సొంత డీజిల్ ఇంజన్లు పట్టుకున్నారు. 1949 నుంచి కంపెనీ పేరే ఇసుజు మోటార్స్. లారీలు చేసే హీనో కంపెనీ కూడా 1942లో వీళ్లలోంచి విడిపోయిన కొమ్మే.

ఇదంతా చెప్తుంటే నాన్న నిటారుగా కూచున్నాడు. మా షిప్‌యార్డు పక్కన సింధియా కాలనీల్లో పెరిగినవాళ్లకి ఇది ఎక్కడో జరిగిన కథలా ఉండదు. మా యార్డు 1941లో పెట్టిన వాల్‌చంద్ హీరాచంద్‌కీ సరిగ్గా అదే బుద్ధి. ఇక్కడ ఓడలు, అంతకు ఏడాది ముందు బెంగళూరులో విమానాల ఫ్యాక్టరీ, 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్. 1948లో నెహ్రూ వచ్చి జల ఉష ఓడని నీళ్లలోకి దింపిన కథ మా తాత వంద సార్లు చెప్పాడు. "చూశావా, ఓడ చేసినోడికి కారు ఓ లెక్కా" అని నాన్న ఆ రోజు మావయ్యని దబాయించాడు, ఆ ఇంజన్ తనే బిగించినట్టు.

నాకు మాత్రం ఇంకో పోలిక ఎక్కువ గుచ్చుకుంటుంది. యుద్ధం తర్వాత ఇసుజు కార్లు నేర్చుకున్నది మనలాగే, ఇంగ్లీషువాళ్ల దగ్గర. మనం మోరిస్ తెచ్చుకున్నాం, వాళ్లు 1953లో హిల్‌మన్ మిన్‌క్స్ అనే కారు తెచ్చుకున్నారు. మొదట విడిభాగాలు తెప్పించి బిగించారు, 1957 కల్లా మొత్తం బండి అక్కడే చేశారు, 1964లో దాన్ని ఆపేసి సొంత కార్ల మీదే నిలబడ్డారు. మనం ఆ మోరిస్ ఒంటినే 2014 దాకా లాగాం. మధ్యలో గుండె కోసం ఆ హిల్‌మన్ చదువు చదివినవాళ్ల గుమ్మమే ఎక్కాం. మా క్లాసులో ఈ రెండు తేదీలూ బోర్డు మీద రాసి కాసేపు ఊరుకుంటాను. పిల్లలు సెల్‌ఫోన్‌లోంచి తలెత్తేది అప్పుడే.

అయితే కార్ల కంపెనీగా ఇసుజు నెగ్గిందని చెప్తే అబద్ధం. 1968లో వచ్చిన 117 కూపే బొమ్మ చూడండి, గీసింది ఇటలీ డిజైనర్ జుజారో, అంత అందమైన బండి ఆ రోజుల్లో జపాన్‌లో అరుదు. మొదట్లో చేత్తో చేసేవారు. అందానికి మెచ్చుకున్నారు గానీ టొయోటా, నిస్సాన్ పక్కన ఇసుజు ఎప్పుడూ చిన్న దుకాణమే. 1971లో జనరల్ మోటార్స్ మూడో వంతుకి పైగా వాటా తీసుకుంది. అమెరికాలో 1980ల్లో వీళ్లు చేసిన ప్రకటనలు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. జో ఇసుజు అని ఒక సేల్స్‌మన్ పాత్ర. బండి గురించి నోటికొచ్చిన కోతలు కోస్తుంటాడు, కింద తెర మీద 'అబద్ధం చెప్తున్నాడు' అని అక్షరాలు పడుతుంటాయి. జనం జోని గుర్తుపెట్టుకున్నారు. ట్రూపర్ అనే ఎస్‌యూవీ మలుపుల్లో పల్టీ కొడుతుందని 1996లో అక్కడి వినియోగదారుల పత్రిక రాసింది. కంపెనీ కోర్టుకెళ్లింది. రాతల్లో తప్పులున్నాయని జ్యూరీ ఒప్పుకుంది, పరిహారం మాత్రం ఇవ్వలేదు. అంటే గెలిచినట్టా ఓడినట్టా?

1993లో సొంతంగా సెడాన్లు చెయ్యడం మానేశారు. మానేసి, జెమిని, ఆస్కా అనే తమ పేర్లు హోండా కార్లకి అంటించి అమ్మారు. 2009 మొదట్లో అమెరికాలో కార్ల దుకాణం మూసేశారు. వినడానికి దివాలా కథలా ఉంటుంది. ఇక్కడే నాకు మా మావయ్య అరచెయ్యి, నాన్న అరచెయ్యి గుర్తొస్తాయి. ఎందుకంటే అదే కాలంలో ఒహాయోలో జనరల్ మోటార్స్‌తో కలిసి పెట్టిన ఫ్యాక్టరీలో 6.6 లీటర్ల డ్యూరామాక్స్ డీజిల్ తయారైంది, అమెరికా పెద్ద పికప్పుల్లో కూచుంది. ఇంజన్లంటే మేమే అనుకునే హోండా వాళ్లు యూరప్‌లో సివిక్‌కి డీజిల్ కావాల్సొస్తే ఇసుజు దగ్గర 1.7 లీటర్లది తీసుకున్నారు. బయట ఎవరి బోర్డో ఉంటుంది, లోపల వీళ్లుంటారు. మా ఊళ్లోనూ అంతే కదా, రెండు దశాబ్దాలు అంబాసిడర్ ఎక్కినవాళ్లలో ఎందరికి తెలుసు? షోరూములో అద్దాల అవతల నిలబడి అడిగితే ఇసుజు అంటే ఏంటంటారు. షెడ్డులో నూనె చేతులతో ఉన్న మేస్త్రీని అడగండి.

మావయ్య బండి ఒకసారి బాగా దెబ్బతింది. 2009లో. హెడ్ గ్యాస్కెట్ పోతే ఊళ్లో ఒక కొట్టువాడు ఒరిజినల్ అని డూప్లికేటు అంటగట్టాడు. మూడు నెలలకి నూనెలో నీళ్లు కలిసి, డిప్‌స్టిక్ తీస్తే పాల కాఫీ రంగు. మావయ్య ఆ డిప్‌స్టిక్ పట్టుకుని కొట్టు దాకా నడిచి వెళ్లాడు. కొట్టువాడు బిల్లు అడిగాడు. బిల్లు ఎక్కడిది, రాసివ్వలేదు కదా. హాఫ్ ఇంజన్ పని చేయించడానికి అత్త గాజులు రెండు బ్యాంకుకి వెళ్లాయి. ఆ పని తర్వాత ఇంకో ఐదేళ్లు నడిచింది. బేరం వచ్చినప్పుడు కూడా కొన్నవాడు ఒంటి రంగు చూళ్లేదు, బానెట్ ఎత్తి స్టార్ట్ చెయ్యమన్నాడు.

2016లో శ్రీసిటీలో ఇసుజు ఫ్యాక్టరీ మొదలైందని పేపర్లో చూసి మావయ్యే నాకు ఫోన్ చేశాడు. "మన ఆంధ్రాలోనేనటమ్మా" అని. ఏడాదికి 50,000 బళ్లు చెయ్యగల ఫ్యాక్టరీ. నేను ఆయనకి చెప్పిన ఇంకో ముక్క ఆయనకి మరీ నచ్చింది. శ్రీసిటీ లేవకముందు ఇసుజు పికప్పులు కొన్నాళ్లు బిగించింది మద్రాసు దగ్గర తిరువళ్లూరులో, హిందుస్థాన్ మోటార్స్ ఫ్యాక్టరీలోనే. "అయితే ఇయ్యపురాలోరి ఇంట్లోనే పురుడు పోసుకున్నాదన్నమాట" అన్నాడు.

మొన్న దసరాకి ఆయన్ని గాజువాక తీసుకెళ్తుంటే పెట్రోల్ బంకులో మా ముందు ఒక వీ-క్రాస్, ఇసుజు వాళ్ల పికప్పు, ఆగి ఉంది. ఎర్రది, ఎత్తుగా, వెనక డెక్కు. మావయ్యకి డెబ్బై నాలుగు. నేను హ్యాండ్‌బ్రేక్ వేసేలోగా దిగిపోయాడు. బండి కుర్రాడిది, ముప్పై ఉండవు. "బాబూ, ఓసారి బానెట్ ఎత్తుతావా" అన్నాడు. కుర్రాడు నా వంక చూశాడు. నేను దణ్ణం పెట్టాను. ఎత్తాడు.

లోపలంతా నల్లటి ప్లాస్టిక్ మూత. మావయ్య అటూ ఇటూ వంగి చూశాడు. "ఇంజనేదీ?" అన్నాడు. దాని కిందే ఉంటుంది సార్, అన్నాడు కుర్రాడు. ఒక్కసారి స్టార్ట్ చెయ్యి నాయనా అంటే బంకులో కుదరదని పక్కకి తీసి, పాపం, చేశాడు. మావయ్య ఆ ప్లాస్టిక్ మూత మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. వెనకనుంచి ఆటోవాళ్లు హారన్లు. చాలాసేపటికి కళ్లు తెరిచి, ఆ కుర్రాడి భుజం తట్టి, "యాభై గంటల ఇంజను నాయనా ఇది, జాగర్త" అన్నాడు.

కుర్రాడు నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు, "యాభై గంటలంటే మేడమ్, సర్వీసింగ్‌కా?"