రబీ పంట

అమెరికాలో అయోవా సిటీలో చదువుకున్న మన తెలుగువాళ్ళ సంచికకు ఏదైనా రాయమని కమిటీ వారు రెండుసార్లు ఉత్తరం రాశారు. మూడోసారి తెనాలి చేత ఫోను చేయించారు (మనం ఒకరినొకరం ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం కదా). "అయోవా సిటీలో నీకు బాగా గుర్తున్నది రాయి, మూడు పేజీలు చాలు" అన్నాడు. చదువుల సంగతి కాకినాడ రాస్తున్నాడట. హాకై కోర్టు క్వార్టర్లలో మన వంటలు, ఉగాదులు వదినగారు రాస్తున్నారట. ఇక మిగిలింది మన ఫుట్‌బాల్ జట్టులో బంతిని దూరంగా తన్నే రెజీ రాబీ. అతని పేరు లేకుండా ఈ సంచిక అచ్చుకు వెళితే నాకు నిద్ర పట్టదు.

నేను 1981 ఆగస్టు చివరలో దిగాను. అప్పటికి మన అయోవా విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గురించి ఊళ్ళో ఎవరూ గొప్పగా చెప్పుకునేవారు కారు. వరుసగా పంతొమ్మిది సీజన్లు, ఒక్కదానిలోనూ ఓటముల కంటే గెలుపులు ఎక్కువ లేవు. అంతకుముందు ఏడాది నెబ్రాస్కా వాళ్ళ చేతిలో 57-0. అలాంటి జట్టు ఆట చూడటానికి శనివారం పొద్దున్నే ఊరంతా నలుపు, పసుపు బట్టలు వేసుకుని బయలుదేరుతుంటే నాకు ఆశ్చర్యంగా ఉండేది. తిరునాళ్ళకు వెళ్ళే జనంలా ఉండేవారు.

ఆట నాకు నేర్పింది కాకినాడే, వదినగారి వంటింట్లో, పోపుల పెట్టె ముందు పెట్టుకుని. మెంతులు మనవాళ్ళు, ఆవాలు అవతలివాళ్ళు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్ళాలి. మూడు ప్రయత్నాలూ అయిపోయి ఇంకా దూరం మిగిలి ఉంటే బంతిని అవతలివాళ్ళకు తన్నేయడమే. "ఇది మన చెడుగుడే, మధ్య గీత కదులుతుంది, అంతే" అన్నాడు తెనాలి. బంతిని ఇచ్చేయడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఎందుకని నేను అడిగాను. కాకినాడ ఒక మెంతిగింజను వేలితో బల్ల అవతలి చివరకు నెట్టి చూపించాడు. "ఇవ్వక తప్పదు. ఎక్కడ ఇస్తామన్నదే మన చేతిలో ఉంది." ఆ తన్నే తన్నును పంట్ అంటారని చెప్పాడు.

నాది కోనసీమ. పంటు అంటే నాకు గోదావరి రేవులో మనుషులనూ సైకిళ్ళనూ మేకలనూ ఎక్కించుకుని అవతలి ఒడ్డుకు చేర్చేది. సరిగ్గా అదే పని ఇక్కడ ఒక మనిషి కాలితో చేస్తున్నాడని అర్థమయ్యాక ఆట మొత్తం అర్థమైంది. వదినగారు మాత్రం రాబీ, పంట్ అన్న రెండు మాటలనూ కలిపి తనకు వినిపించినట్టే విన్నారు. ఆ తర్వాత నాలుగేళ్ళూ మనం స్టేడియం నుంచి తిరిగి రాగానే ఆవిడ మొదటి ప్రశ్న ఏమిటో మీ అందరికీ తెలుసు.

మొదటి ఆట సెప్టెంబరు 12న, అదే నెబ్రాస్కాతో. వరంగల్ తన ప్రయోగశాలలోని స్టాప్‌వాచ్ తెచ్చాడు. కాలువలో తేలే బిళ్ళల వేగం కొలిచే గడియారం అది. రాబీ మైదానంలోకి వచ్చేది ఎప్పుడంటే, మనవాళ్ళ మూడు ప్రయత్నాలూ విఫలమైనప్పుడు. మామూలుగా జనం అప్పుడే కూర్చుంటారు, తినడానికి ఏదైనా తెచ్చుకోవడానికి లేచి వెళతారు. కినిక్ స్టేడియంలో మాత్రం జనం అప్పుడు లేచి నిలబడేవారు.

ఆ దృశ్యం నాకు ఇప్పటికీ అంగుళం అంగుళంగా గుర్తుంది. ఆరడుగుల పైన మనిషి, వంద కిలోలు దాటిన ఒళ్ళు. బంతి తన్నేవాళ్ళు సన్నగా ఉంటారని అనుకున్న నాకు, ఇతను దారి తప్పి అక్కడ నిలబడ్డాడేమో అనిపించింది. బంతి వెనక్కి వచ్చి చేతుల్లో పడుతుంది. దాన్ని ఒక్కసారి తిప్పి, కుట్లు పైకి వచ్చేలా పట్టుకుంటాడు. రెండు అడుగులు. చెయ్యి వదిలిన బంతి ఒక క్షణం గాలిలో అలా ఆగినట్టు ఉంటుంది. తర్వాత కాలు వచ్చి, తలకంటే పైకి లేచిపోతుంది. ముందు కాలు కనిపించేది, తర్వాత చప్పుడు వినిపించేది. చెరువు గట్టున చాకలి బండ మీద తడిబట్ట కొట్టినప్పుడు అవతలి ఒడ్డున ఉన్నవాడికి వినిపించినట్టే. ఆపైన అరవై వేలమంది నిశ్శబ్దం. బంతి పైకి పోతూనే ఉండేది, ముక్కు నిటారుగా పెట్టుకుని. శిఖరానికి చేరి, ముక్కు కిందికి వంచి, అప్పుడు దిగడం మొదలుపెట్టేది.

మన వరుస అంతా ఆ నిశ్శబ్దంలో తెలుగులో లెక్కపెట్టేది. ఒకటి, రెండు, మూడు. మన ముందు వరుసలో టోపీ పెట్టుకుని కూర్చునే మొక్కజొన్న రైతు పెద్దాయన మీకు గుర్తున్నాడా? మొదటి రెండు ఆటలకూ వెనక్కి తిరిగి మనవైపు చూశాడు. మూడో ఆటకు పెదవులు కదిపాడు. నవంబరు వచ్చేసరికి గట్టిగా, స్పష్టంగా, "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు" అని మనకంటే ముందు చెప్పేవాడు. ఆరు నేర్చుకోవాల్సిన అవసరం ఆయనకు రాలేదు. ఐదుకు అటూ ఇటూగా బంతి నేలకు వచ్చేసేది.

ఐదు సెకన్లు అంటే ఏమిటో ఆ రాత్రి వరంగల్ నోటుబుక్కులో లెక్క కట్టాడు. పైకి రెండున్నర, కిందికి రెండున్నర. గాలి సంగతి పక్కన పెడితే ముప్పై మీటర్ల ఎత్తు, అంటే పదంతస్తుల మేడ. "ఎత్తు ముఖ్యం కాదు, ఆ ఐదు సెకన్లలో మనవాళ్ళు ఎంత దూరం పరుగెత్తుతారో అదీ ముఖ్యం" అన్నాడు. బంతి దూరంగా పడటం ఒక్కటే చాలదు. అది దిగే చోటికి మనిషి కూడా అదే సమయానికి చేరుకోవాలి. బంతి ముందు వస్తే పట్టుకున్నవాడు పారిపోతాడు. ఇద్దరూ ఒకేసారి వస్తే పట్టుకున్నవాడు పట్టుకున్నచోటే కూలబడతాడు. ఈ మాట ఎందుకు రాస్తున్నానో కొంచెం ఆగితే చెబుతాను.

ఆ రోజు మనం 10-7తో గెలిచాం. రెండు వారాల తర్వాత యూసీఎల్‌ఏ మీద 20-7. అక్టోబరు 17న మిషిగన్ వాళ్ళ ఊళ్ళో ఆట. అన్నయ్యగారి ఇంట్లో రేడియో చుట్టూ పదకొండుమందిమి. రేడియోలను కౌగిలించుకుని ముద్దుపెట్టుకోమనే జిమ్ జేబెల్ వ్యాఖ్యానం. మన తొమ్మిది పాయింట్లూ కాలితో వచ్చినవే. టామ్ నికల్ అనే మొదటి ఏడాది కుర్రాడు మూడు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. 9-7. అన్నయ్యగారు జేబెల్ మాట నిజంగానే పాటించారు. ఆ రేడియో తర్వాత ఎవరికి ఇచ్చారో వదినగారు తన వ్యాసంలో రాస్తే బాగుంటుంది.

నవంబరు 21న మిషిగన్ స్టేట్‌తో చివరి ఆట. అదే సమయంలో ఒహాయో స్టేట్ వెళ్ళి మిషిగన్‌ను 14-9తో ఓడించింది. మిషిగన్ ఓడితేనే మనకు దారి తెరుచుకునేది. ఆ వార్త స్టేడియంలో పాకినప్పుడు ముందు వరుస రైతు పెద్దాయన నన్ను ఎత్తేశాడు. 36-7తో మనం గెలిచి, ఇరవై మూడేళ్ళ తర్వాత రోజ్ బౌల్ అనే కొత్త సంవత్సరపు పెద్ద ఆటకు అర్హత సంపాదించాం. జనవరి 1న అక్కడ వాషింగ్టన్ చేతిలో 28-0తో ఓడిపోయాం. దాని గురించి ఇంకేమీ రాయను.

ఆ సీజన్‌లో రాబీ 44 పంట్లు కొట్టాడు. మొత్తం 2,193 గజాలు, సగటు 49.8. అప్పటిదాకా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక సీజన్‌కు అంత సగటు ఎవరికీ లేదు. 1997 దాకా ఎవరూ దాన్ని దాటలేదు. రక్షణలో ఆండ్రీ టిపెట్, బాబ్ స్టూప్స్ లాంటివాళ్ళు ఉన్నారు, హేడెన్ ఫ్రై లాంటి కోచ్ ఉన్నాడు, నిజమే. కానీ అవతలివాళ్ళను ప్రతిసారీ వాళ్ళ గడప దగ్గరే నిలబెట్టింది రాబీ కాలు. నేను ఈ మాట 1981లో అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

తర్వాత నేను 1985లో పట్టా పుచ్చుకుని ఇంటికి వచ్చేశాను.

మీలో చాలామంది అక్కడే ఉండిపోయారు, బాగా ఉన్నారు, సంతోషం. నేను నీటిపారుదలలో చేరాను. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు లేచింది. నేను ధవళేశ్వరంలో ఉన్నాను. ఎంత నీరు వస్తోందని అందరూ అడుగుతున్నారు. మా పెద్దింజనీరు గారు మాత్రం నన్ను పక్కకు పిలిచి, "ఎప్పుడు వస్తుంది?" అని అడిగారు. పైన చూసిన నీరు కింద ఏ గంటకు చేరుతుందో, ఆ గంటకు ముందే లంకల్లో మనుషులు గట్టెక్కాలి. నీరూ మనిషీ ఒకేసారి చేరకూడదు. లాంతరు వెలుగులో కాగితం మీద గీతలు గీస్తూ నేను లోలోపల ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. వరంగల్, నీ నోటుబుక్కు ఆ రాత్రి నా పక్కనే ఉంది.

ముప్పై రెండేళ్ళు ఆ పనే చేశాను. 2022 జూలైలో భద్రాచలంలో నీరు మళ్ళీ 71 అడుగులు దాటినప్పుడు నేను పదవీ విరమణ చేసి ఇంట్లో ఉన్నాను. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లల్లో ఒకడు అర్ధరాత్రి ఫోను చేసి, "సార్, మీ పద్ధతిలోనే వేశాను, గంట తేడాతో సరిపోయింది" అన్నాడు. మా ఆవిడను లేపి చెప్పాను.

రాబీ తర్వాత మయామీ డాల్ఫిన్స్ అనే వృత్తి జట్టుకు ఆడాడు. అక్కడ చేతికి గడియారం పెట్టుకుని పంట్లు కొట్టేవాడు. బంతి ఎంతసేపు గాలిలో ఉందో తనే చూసుకునేవాడు. ఆ ఫోటో పత్రికలో చూసి వరంగల్ నాకు రాసిన ఉత్తరం దాచుకున్నాను. "మన పని అతనే తీసుకున్నాడు" అని ఒకే ఒక్క వాక్యం. 2005 ఫిబ్రవరిలో రాబీ పోయాడు. నలభై మూడేళ్ళు. తెనాలి ఫోనులో చెప్పి, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

2023లో అదే జట్టులో టోరీ టేలర్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు ఒక్క సీజన్‌లో 4,479 గజాలు తన్ని 1938 నాటి రికార్డును దాటాడు. స్టేడియానికి పేరిచ్చిన నైల్ కినిక్ కూడా 1939లో నోటర్‌డామ్ మీద పదహారు పంట్లు కొట్టినవాడే. ఆ నేలలో ఏదో ఉంది. మా మనవరాలు టేలర్ వీడియోలు పంపితే అన్నీ చూశాను, బాగా తన్నుతాడు. సగటు 48.2.

ఒక్క సంగతి మాత్రం ఈసారి కలిసినప్పుడు తేల్చుకోవాలి. పర్డ్యూ ఆటలో మన వైపుకు వచ్చిన ఆ పంట్‌కు నోటుబుక్కులో గడి ఖాళీగా ఉంది. వరంగల్ పైకి చూస్తూ మీట నొక్కడం మరిచిపోయాడు. నాలుగూ ఎనిమిది అంటాడు తెనాలి. ఐదూ రెండు అంటాడు కాకినాడ. నేను లెక్కపెడుతూనే ఉన్నాను, రైతు పెద్దాయన ఐదు అన్నాక ఆగి, మనవైపు తిరిగి, తర్వాత ఏమిటన్నట్టు చూశాడు. అది నేను చూశాను. నోటుబుక్కు తెస్తున్నాను, పెన్ను కూడా.