శనివారం, బట్వాడా రోజు

విజయనగరంలో నేను నడిపే నిరాశ్రయుల షెల్టర్లో శనివారం అంటే అందరికీ లోలోపల ఒక టెన్షన్. కూలికి వెళ్లేవాళ్లకి బట్వాడా, అంటే వారం కూలి డబ్బు, అందే రోజు. చేతిలో పైసా లేనప్పుడు మందు మానడం ఒక ఎత్తు, జేబులో నాలుగు వేలు పెట్టుకుని వైన్ షాపు ముందు నుంచి నడిచి రావడం ఇంకో ఎత్తు. అందులోనూ 2024 అక్టోబర్ నుంచి క్వార్టర్ 99 రూపాయలకే దొరుకుతోంది. వంద నోటిస్తే రూపాయి వెనక్కి రావాలి. ఆ రూపాయి ఎవరైనా అడిగి తీసుకుంటారా అని నాకెప్పుడూ అనుమానం.

పొద్దున్న ఏడున్నరకి వెళ్లాను. ధనుర్మాసం మంచు. బళ్లు ఇంకా లైట్లు వేసుకునే వస్తున్నాయి. నైట్ డ్యూటీ అబ్బాయి అక్కడే ఉన్నాడు. వాడి డ్యూటీ ఆరింటికే అయిపోతుంది. మఫ్లర్ కూడా తీయకుండా రిజిస్టర్ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఏమైందని అడగకముందే పేజీ నా వైపు తిప్పాడు.

"11.35 – ఒకాయన తాగి వచ్చారు. రూల్ ప్రకారం లోపలికి రానివ్వలేదు."

"ఎవరు?"

"సంచీ తాత, మేడం."

పేర్లు ఇక్కడ రాయను. యూరియా సంచి భుజాన వేసుకుని తిరుగుతాడు కాబట్టి అందరం సంచీ తాత అంటాం. ఇప్పటికి నాలుగుసార్లు మా దగ్గర ఉన్నాడు, నాలుగుసార్లు వెళ్లిపోయాడు.

"తరవాత ఎటు వెళ్లాడు?"

"తెలీదు మేడం. గేటు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. నేను లోపలికొచ్చి మళ్లీ చూస్తే లేడు."

తిడదామని నోరు తెరిచాను గానీ, వాడి తల వెనక గోడ మీద నీలం రంగుతో రాసిన అక్షరాలు కనబడ్డాయి. 'మద్యం సేవించి వచ్చినవారికి ప్రవేశం లేదు.' ఆరేళ్ల కిందట నేనే దగ్గరుండి రాయించాను. అప్పట్లో ఒక రాత్రి ఇద్దరు తాగొచ్చి కొట్టుకుంటే ఒకడికి తల పగిలింది. హాలు పక్కనే ఆడవాళ్ల గది. ఆ పూట ఆ రూల్ పెట్టక తప్పలేదు. ఇప్పుడు ఈ కుర్రాడు నా రూల్‌నే పాటించి, రాత్రంతా నిద్రపోకుండా, ఇంటికి పోకుండా కూర్చున్నాడు.

ఎనిమిదింటికి వరండాలో టీ తాగుతూ మీటింగ్. మీటింగ్ అంటే పెద్దగా ఏం లేదు. ముగ్గురు కేర్‌టేకర్లు, ఒక్కొక్కరు ఎనిమిది గంటలు. వంటమ్మ. వారానికి మూడు రోజులు వచ్చే కౌన్సెలర్. బైక్ మీద ఊరంతా తిరిగి రోడ్డు మీద పడుకునేవాళ్లని పలకరించే ఇద్దరు. వాళ్లలో ఒకాయన ఒకప్పుడు మా దగ్గరే ఉన్నవాడు. స్టేషన్ ప్లాట్‌ఫాం మీద మూడేళ్లు పడుకున్నాడు, మందు మానేసి ఐదేళ్లయింది. ఆయన్ని అందరూ తమ్ముడు అంటారు, యాభై దాటినా సరే. వీళ్లెవరికీ రెండు నెలలుగా జీతాలు రాలేదు. బిల్లు ఎక్కడ ఆగిందని అడిగితే ప్రతివాళ్లూ పైకి చూపిస్తారు. అయినా అందరూ టైంకి వచ్చారు. వాళ్ల ముఖాలు చూస్తూ పని గురించి మాట్లాడటం నాకే సిగ్గుగా ఉంటుంది ఈ మధ్య.

సంచీ తాత సంగతి రాగానే గొడవ మొదలైంది. పగటి కేర్‌టేకరమ్మ ముందే అందుకుంది. "మేడం, తాగినోడిని లోపలికి ఒదిలితే రాత్రి లెగిసి ఏటి సేస్తాడో ఎవరు సూడొచ్చినారు? అవతల ఆడోళ్లు పడుకుంటారు." ఆమె మాటలో తప్పు లేదు.

తమ్ముడు టీ గ్లాసు కింద పెట్టాడు. "నాను తొమ్మిదిసార్లు తాగొచ్చినాను. ఎనిమిదిసార్లు గేటు ఏసీసినారు. తొమ్మిదోసారి మేడమే నైట్‌లో ఉన్నారు. నిద్దట్లో సూసుకోకుండా తీసీసినారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ అది నిజమే. ఆ రాత్రి డ్యూటీకి మనిషి రాకపోతే నేనే ఉన్నాను. తీసేశాక గానీ వాసన తెలియలేదు. చలికి వణుకుతున్న మనిషిని మళ్లీ బయటికి పొమ్మనడానికి నోరు రాలేదు. అంతే. అందులో నా గొప్పతనం ఏమీ లేదు.

బయట గేటు మీద ఇంకో బోర్డు ఉంది. పట్టణ నిరాశ్రయుల వసతి గృహం, 24 గంటలు. ఇది కేంద్రం పెట్టిన పద్ధతి: లక్ష జనాభాకి వంద మందికి సరిపడే చోటు, మనిషికి 50 చదరపు అడుగులు, రాత్రీ పగలూ తెరిచి ఉండాలి. బయట బోర్డు రమ్మంటుంది, లోపల గోడ పొమ్మంటుంది. ఆరేళ్లుగా రెండింటి మధ్య నుంచి రోజూ నడుస్తున్నాను, ఇవాళే కళ్లపడింది.

చివరికి ఒక మాట మీదికి వచ్చాం. తాగొచ్చినవాడికి హాలు లేదు. ముందున్న ఆఫీసు గదిలో చాప, దుప్పటి. మధ్య తలుపు గడియ హాలు వైపు నుంచి. వెల్లకిలా కాకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, వాంతి అయితే గొంతులో అడ్డం పడకుండా. గంటకోసారి చూసి రిజిస్టర్లో రాయాలి. కత్తి, కర్ర పట్టుకొస్తేనో, కొట్లాటకి దిగితేనో పోలీసులకి ఫోన్. కేర్‌టేకరమ్మ ఒప్పుకుంది గానీ, ముఖం మాత్రం ఒప్పుకోలేదు.

అసలు నా భయం తాగొచ్చినవాళ్ల గురించి కాదు. ఉన్నట్టుండి మానేసినవాళ్ల గురించి. పోయినేడు ఒకాయన "రెండు రోజులై చుక్క ముట్టనేదు" అంటే మా వాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఒక్కసారి ఆపితే ఏడెనిమిది గంటల్లోనే చేతులు వణకడం మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. మూడో రోజుకి మాట తేడా వచ్చి, లేని పురుగులు గోడ మీద కనబడ్డాయంటే ప్రాణాల మీదికి వచ్చినట్టే. అది పట్టుదలతో గెలిచే విషయం కాదు, ఆసుపత్రి విషయం. అక్కడ కూడా ముందు బి1 విటమిన్ సూది పడాలి, తరవాతే గ్లూకోజ్. అందుకే కొత్తగా ఎవరొచ్చినా మొదటి ప్రశ్న పేరు కాదు, "ఆఖరిసారి ఎప్పుడు తాగావు?" అని. ఇవాళ మళ్లీ చెప్పాను. నూరోసారి అయి ఉంటుంది.

మీటింగ్ అయ్యాక గోడ మీది అక్షరాలు చెరిపేద్దామని కిరసనాయిలు గుడ్డతో రుద్దించాను. ఆరేళ్ల రంగు, ఎక్కడ పోతుంది? వంటమ్మ పెద్ద క్యాలెండర్ తెచ్చి దాని మీద తగిలించింది. 'మద్యం' ముందు భాగం కొంచెం ఇంకా కనబడుతోంది.

బైక్ టీమ్ సంచీ తాత కోసం బయల్దేరింది. రైల్వే స్టేషన్, దాని దగ్గర పైడితల్లమ్మ వనంగుడి, ఆర్టీసీ కాంప్లెక్స్, గంటస్తంభం, మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి. మా వాళ్లకి ఈ దారి కంఠతా వచ్చు. స్టేషన్ దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు. మద్రాసు నుంచి హౌరా పోయే లైనూ, రాయపూర్ పోయే లైనూ విడిపోయే జంక్షన్ కదా, ఎక్కడెక్కడివాళ్లో దిగుతారు. కానీ ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏమిటంటే, అక్కడ పడుకునేవాళ్లందరూ దూరాభారం నుంచి వచ్చినవాళ్లు కాదు. చెన్నైకో హైదరాబాద్‌కో పనికి పోయి, సంపాదించింది తాగేసి, ఒట్టి చేతులతో దిగినవాళ్లు చాలామంది. ఊరు ఎక్కడని అడిగితే గజపతినగరం వైపు, చీపురుపల్లి వైపు చెయ్యి చూపిస్తారు. బస్సెక్కితే గంట. ఆ గంట దూరం దాటలేక నెలల తరబడి ఇక్కడే ఉండిపోతారు. "ఒట్టి సేతుల్తో ఎల్తే ఏటంటారమ్మా" అంటారు. వీళ్లకి ఇల్లు లేక కాదు, ఇంటి ముందు నిలబడే ముఖం లేక.

సంచీ తాత ఎక్కడా కనబడలేదు. పొద్దున్నే రాయగడ వైపు పోయే బండి ఎక్కాడని టీకొట్టు అబ్బాయి అన్నాడట. అది సంచీ తాతో ఇంకెవరో.

మధ్యాహ్నం అంతా కాగితాలే. గంటస్తంభం దగ్గర మతిస్థిమితం లేని ఒకావిడ తిరుగుతోందని ఒక కానిస్టేబుల్ ఫోన్ చేశాడు, మీ దగ్గర పెట్టుకోండని. 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 100 ప్రకారం ముందు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి, అదీ 24 గంటల్లోపు అని చెప్పాను. "అలాగా అమ్మా, నాకు తెలీదు" అని వెంటనే ఆటో పిలిచాడు. మంచివాడు.

ఎండ పడ్డచోట కూర్చుని మా షెల్టర్ మామ్మ అడ్డచుట్ట కాలుస్తోంది. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం మన ఉత్తరాంధ్రలో ఎక్కువగా చూస్తాం. ఆవిడ అంగిట్లో తెల్ల మచ్చ ఉందని, ఇలాగే కాలిస్తే క్యాన్సర్ అవుతుందని డాక్టర్ చెప్పాడు. అయినా చుట్ట నోట్లోంచి తీయకుండానే తాగుబోతు గుంటల్ని ఏకధాటిగా తిడుతుంది. నేను ఏమైనా అనబోతే, "ఇది మందేటి? పొగ" అంటుంది.

ఇక మేస్త్రీ సంగతి.

తాపీమేస్త్రీ. వచ్చినప్పుడు ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేదు. తాపీ, గోడ వంకర చూసే రసమట్టం, దారం అన్నీ ఎక్కడో తాకట్టు పెట్టి తాగేశాడు. ఆసుపత్రిలో పదకొండు రోజులు, మా దగ్గర నాలుగు నెలలు. మొదటి నెల టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నా అంచు పళ్లకి టకటక కొట్టుకునేది. మళ్లీ పనికి వెళ్లాక మొదటి బట్వాడాతో ఒక రసమట్టం కొనుక్కున్నాడు. పసుపు రంగు, మూరెడు పొడుగు. ఆ సాయంత్రం హాలు కిటికీ మీద పెట్టి అందరినీ పిలిచాడు. ఆకుపచ్చ నీళ్లలో బుడగ ఒక పక్కకి పోయి ఆగింది. "సూడండి, ఈ కిటికీ వంకర. కట్టినోడిని నానే అయ్యుంటాను, ఆ రోజుల్లో" అన్నాడు. అప్పటి నుంచి పని నుంచి రాగానే దాన్ని గుడ్డతో తుడిచి కిటికీ మీద పెట్టడం అలవాటు. మట్టం మీద చెయ్యి వణకడం లేదని వాడు చూసుకుంటాడు, మేమూ చూస్తాం. ఎవరం పైకి అనం.

డబ్బు నన్ను దాచమని చాలాసార్లు అడిగాడు. నేను ఒప్పుకోలేదు. ఇదివరకు అలా దాచి, "నా డబ్బే నాకివ్వరా" అని ఒకాయన అర్ధరాత్రి గేటు విరగ్గొట్టాడు. షెల్టర్ అడ్రసుతో ఆధార్ మార్పించి బ్యాంకు ఖాతా తెరిపించాం. శనివారం సాయంత్రం బ్యాంకు తెరిచి ఉండదన్న సంగతికి మాత్రం మా దగ్గర మందు లేదు.

మామూలుగా ఆరున్నరకి వస్తాడు. ఏడైంది. ఏడున్నరైంది. కౌన్సెలరమ్మాయి ఫోన్ చేసింది, స్విచాఫ్. మళ్లీ చేయబోతే రెండుసార్లు చాలన్నాను. తమ్ముడు బైక్ తాళాలు తీసుకుని లేచాడు. "ఎక్కడికి?" అన్నాను. "ఊరికే, ఆ రోడ్డంట." వైన్ షాపుల ముందు మనిషిని వెతకడం వద్దనుకున్నాం మనం, అని గుర్తు చేశాను. వెతికి పట్టుకున్నామంటే పట్టుబడ్డట్టు అవుతుంది. తనంతట తను రావాలి. కూర్చున్నాడు గానీ తాళాలు చేతిలోనే తిప్పుతున్నాడు.

కేర్‌టేకరమ్మ వెళ్లి మేస్త్రీ మంచం కింద వంగి చూసొచ్చింది. సామాన్ల సంచి లేదు. పనికి ఎలాగూ సంచి వెంట తీసుకెళ్తాడు కాబట్టి దాన్నిబట్టి ఏమీ చెప్పలేం. కానీ అందరం ఒకటే అనుకుంటున్నామని నాకు తెలుసు. సంచితో వస్తాడా, సంచి లేకుండా వస్తాడా. అన్నం, ఆనపకాయ పప్పు తీసి గిన్నె మీద మూత పెట్టించి, ఎనిమిదిన్నరకి ఇంటికి వచ్చేశాను. నేనక్కడే కూర్చుంటే మిగతావాళ్లు ఇంకా హడావిడి పడతారు. టీమ్‌ని నడపడమంటే సగం ఇదే, ఎప్పుడు లేచి ఇంటికి పోవాలో తెలియడం. నాకు ఇప్పటికీ సరిగ్గా రాలేదు. ఇంటికొచ్చి అన్నం తింటూ నాలుగుసార్లు ఫోన్ చూశాను. మా ఆయన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

పదిన్నరకి నైట్ డ్యూటీ అబ్బాయి వాట్సాప్‌లో రిజిస్టర్ ఫొటో పెట్టాడు.

"10.20 – మేస్త్రీ గారు వచ్చారు. తాగి ఉన్నారు. గేటు బయటే నిలబడ్డారు, రమ్మన్నా రాలేదు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. ముందు గదిలో పక్కకి తిప్పి పడుకోబెట్టాను. సంచి ఉంది. రసమట్టం ఉంది."

పదకొండున్నరకి ఇంకో ఫొటో.

"11.20 – చూశాను. నిద్రపోతున్నారు. 11.30 – గేటుకి తాళం వేయలేదు. సంచీ తాత వస్తారేమోనని."

ఆడవాళ్లు పడుకునే చోట గేటు తెరిచి పెడితే ఎలా? తాళం వేసి, బెల్ దగ్గర మంచం వేసుకో అని మెసేజ్ పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు.