ఆపరేషన్ తప్ప మరో మాట వినని ఇళ్లు

మా పిన్నికి ఇరవై రెండేళ్ల వయసులో, రెండో కాన్పయిన వారంలోపే, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స జరిగింది. ఇప్పటికీ మా ఇళ్లలో "ఆపరేషన్ అయిపోయింది" అంటే ఏ ఆపరేషన్ అని అడిగేవారుండరు. ఆరోగ్య ఉపకేంద్రం గోడ మీద కుటుంబ నియంత్రణ గుర్తయిన ఎర్ర త్రికోణాన్ని రోజూ చూసిన పిన్నికి, గర్భం రాకుండా లోపల అమర్చే కాపర్-టి అనేదొకటి ఉందని ఆ వయసులో ఎవరూ చెప్పలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ, అంటే ఆడవారికి చేసే ఈ ఆపరేషన్, చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 38 శాతం దగ్గర ఉంది. మన రాష్ట్రంలో ఏదో ఒక పద్ధతి పాటిస్తున్నవారు 71 శాతమే కనుక, మాత్రలు, కాపర్-టి, నిరోధ్, మగవారికి చేసే వేసెక్టమీ అన్నీ కలిపినా మిగిలేది రెండు శాతంలోపే. సగటున స్త్రీకి 1.7 మంది పిల్లలన్న లెక్కను మనం విజయమనే చెప్పుకుంటాం, అందులో అబద్ధం లేదు. అయితే ఇద్దరు పుట్టేదాకా ఏమీ వాడకపోవడం, ఆ తర్వాత శాశ్వతంగా ఆపేయడం అన్న ఈ రెండు కొసల మధ్య, బిడ్డకూ బిడ్డకూ ఎడం కోరుకునే స్త్రీకి చోటు దొరకలేదు.

వేసెక్టమీ చిన్న కోతతో, ఒక్కోసారి కోతే లేకుండా, కొద్ది నిమిషాల్లో ముగిసే పని. అయినా 1975-77 ఎమర్జెన్సీ నాటి బలవంతపు ఆపరేషన్ శిబిరాల తర్వాత ప్రభుత్వాలు మగవారి జోలికి వెళ్లడానికి జంకాయి, భారమంతా ఆడవారి మీద పడింది. "కష్టం చేసేవాడు, బలం తగ్గిపోతుంది" అని బాబాయి తరఫున పిన్ని అత్తగారే తేల్చేశారు. బాలింత కష్టం మాత్రం ఆవిడ లెక్కలోకి రాలేదు.

ఇద్దరికి మించి సంతానమున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలగించింది. ఇప్పుడు ఎక్కువమందిని కనమని నాయకులే చెబుతున్నారు. అప్పుడు చాలన్నా, ఇప్పుడు చాలదన్నా, కనవలసిన మనిషిని అడిగినట్టు నాకు తోచదు.

పిన్ని కూతురు పోయిన నెల ఎనిమిది నెలల బాబునెత్తుకుని, గర్భం రాకుండా మూడు నెలలకొకసారి వేసే 'అంతర' ఇంజెక్షన్ కోసం ఆరోగ్య కేంద్రానికి వెళ్లింది. సరుకు అయిపోయిందని, వచ్చే నెల రమ్మని అక్కడి నర్సమ్మ చెప్పి పంపింది. ఆ మాట విన్న పిన్ని, కూతుర్ని అల్లుడికి ఫోన్ చేసి ఏం చెప్పుకుంటుందో చెప్పుకోనిచ్చి, ఆమె బట్టల సంచి తీసి మళ్లీ బీరువాలో పెట్టింది. "ఇంజెక్షన్ వచ్చేదాకా ఇక్కడే ఉండవే" అంది.