చిత్తరువుల్లో ముత్యాలు: గ్రీనిచ్ నుంచి మాడ్రిడ్ దాకా

యూరప్ రాజవంశాల పాత రూపచిత్రాలను పుస్తకాల్లో చూసినంత కాలం, వాటిలోని ముత్యాలు నాకు ఒక అలంకారంగా మాత్రమే కనిపించేవి. వాటిని అసలు పరిమాణంలో, అసలు రంగుల్లో, వీలైనంత దగ్గరగా చూడాలన్న కోరికతోనే లండన్, హేగ్, మాడ్రిడ్ నగరాల మీదుగా ఈ యాత్ర పెట్టుకున్నాను. ఆ చిత్రాల్లో వజ్రాలకూ కెంపులకూ కొదవ లేదు. అయితే ఆనాటి పలక వజ్రాన్ని (పైభాగం చదునుగా కోసిన వజ్రాన్ని) చిత్రకారులు నల్లగా వేసేవారు కనుక, అది వజ్రమని ఎవరైనా చెబితే గానీ ఇప్పటి చూపరికి తెలియదు. ముత్యాన్ని మాత్రం ఏ కాలపు చిత్రంలోనైనా ఇట్టే గుర్తుపట్టవచ్చు.

లండన్ చేరగానే ముందుగా గ్రీనిచ్‌కు వెళ్లాను. మొదటి ఎలిజబెత్ రాణి 1533లో పుట్టిన రాజభవనం ఇక్కడే థేమ్స్ ఒడ్డున ఉండేది. ఇప్పుడది లేదు, తరువాతి శతాబ్దంలో ఇనిగో జోన్స్ రూపకల్పన చేసిన క్వీన్స్ హౌస్ నిలిచి ఉంది. 1588లో ఇంగ్లండు మీదికి దండెత్తి వచ్చిన స్పెయిన్ నౌకాదళం చెదిరిపోయిన సందర్భానికి గుర్తుగా వేసిన ఆర్మడా చిత్తరువు ఆ భవనంలోనే ఉంది. దీని ప్రతులు మూడు మిగిలాయి: ఒకటి ఇది, మరొకటి వోబర్న్ అబీలోనిది, మూడవది పక్కలు కత్తిరించిన స్థితిలో లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్నది. గ్రీనిచ్ ప్రతిని 2016లో ప్రజల విరాళాలు కూడా కలుపుకొని కోటీ మూడు లక్షల పౌండ్లకు కొన్నారు.

రాణి తల మీద విడివిడిగా, మెడ నుంచి నడుము దాకా పేటలు పేటలుగా, చేతుల మీదా పావడా మీదా కుట్టిన వరుసలుగా, ఎక్కడ చూసినా ముత్యాలే. నడుము కింద ముడివేసిన రిబ్బను నుంచి ఒక బొట్టు ముత్యం ప్రత్యేకంగా వేలాడుతోంది. ఆ మొత్తాన్ని వదిలి, ఒక్క ముత్యం మీదే చూపు నిలిపాను. ముందుగా బూడిద రంగు గుండ్రం, దాని మీద ఒక పక్కన తెల్లని చుక్క, అంచున పల్చని వెలుగు. అంతే. పక్కనున్నదీ అలాగే ఉంది, దాని పక్కదీ అలాగే ఉంది. వెలుతురు ఎటు నుంచి పడుతోందన్న ఆలోచన కన్నా, ఒక్క ముత్యమైనా లెక్క తప్పకూడదన్న పట్టుదలే చిత్రకారుడిలో ఎక్కువగా ఉందని నాకనిపించింది. ఖజానా అధికారి చిట్టా రాసినట్టుగా వేశాడు. ఇది లోపమని నేను అనను, ఎందుకంటే ఈ చిత్రంలో ముత్యం చేయవలసిన పని అదే. పెళ్లి చేసుకోని రాణి కన్యాత్వానికి అది చిహ్నం. కవులు ఆమెను పోల్చిన చంద్రదేవతకు కూడా ముత్యమే గుర్తు. అప్పటికి ఆమెకు యాభై అయిదేళ్లు. వారసుడు లేని రాజ్యంలో ఆ వయసు రాణికి పెళ్లి లేకపోవడాన్నే బలంగా చూపించాలంటే, ఒకటి రెండు ముత్యాలు సరిపోవు.

ఎలిజబెత్ ముత్యాల పట్టుదల చిత్రాలకే పరిమితం కాలేదు. స్కాట్లండ్ రాణి మేరీ సింహాసనం కోల్పోయాక, 1568లో ఆమె ముత్యాల పేటలు ఆరు అమ్మకానికి వచ్చాయి. పూర్వం వాటిని కోడలైన మేరీకి ఇచ్చిన ఫ్రాన్సు రాజమాత కేథరిన్ ద మెడిచి వాటిని తిరిగి దక్కించుకోవాలని చూసినా, చివరికి అవి ఎలిజబెత్ చేతికే వచ్చాయి. తన రాజ్యంలో బందీగా ఉన్న బంధువు నగలను కొని ధరించడంలో రాజకీయం లేదని అనుకోవడం కష్టం.

నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో నేను ఎక్కువసేపు నిలబడింది 1588 నాటి వాల్టర్ రాలీ చిత్తరువు ముందు. రాణికి ఇష్టమైన నలుపు, తెలుపు రంగుల దుస్తులు, అంగీ మీద కిరణాల్లా పరుచుకున్న ముత్యాల కుట్టు, చెవికి పెద్ద ముత్యాలు, పైన ఒక మూల చిన్న నెలవంక. ఒంటి నిండా రాణి చిహ్నాలనే ధరించిన ఈ ఆస్థానికుడి భక్తిని చదవడానికి పక్కన వివరణ పలక అక్కరలేదు. పురుషుల చెవి ముత్యం తరువాతి కాలంలోనూ కొనసాగింది. మొదటి చార్లెస్ రాజు 1649లో వధ్యస్థలానికి వెళ్లినప్పుడు కూడా తన ముత్యపు లోలాకు పెట్టుకునే వెళ్లాడు.

అక్కడి నుంచి రైలులో రాటర్‌డామ్ వెళ్లి, బండి మారి హేగ్ చేరాను. చెరువు పక్కన ఉన్న మౌరిట్స్‌హౌస్ చిన్న మ్యూజియం. డచ్ చిత్రకారుడు వెర్మీర్ సుమారు 1665లో వేసిన ముత్యపు లోలాకు అమ్మాయి బొమ్మ అంతకంటే చిన్నగా, 44.5 సెంటీమీటర్ల ఎత్తుతో కనిపించి ఆశ్చర్యపరిచింది. 1881లో హేగ్‌లోనే జరిగిన వేలంలో ఇది రెండు గిల్డర్ల (అప్పటి డచ్ నాణెం) పైచిలుకు ధరకే అమ్ముడుపోయింది. నిజానికి ఇది ఎవరి చిత్తరువూ కాదు. ఒక ముఖాన్ని, ఒక వేషాన్ని చూపడానికి వేసిన బొమ్మ. అయినా ఈ యాత్రలో దీన్ని వదలలేకపోయాను, ఎందుకంటే గ్రీనిచ్ చిత్రకారుడు వందల ముత్యాలతో చేయని పనిని వెర్మీర్ ఒక్కదానితో చేశాడు. పైన దట్టమైన తెలుపు మచ్చ ఒకటి, కింద తెల్లని మెడపట్టీ కాంతి ప్రతిఫలిస్తున్నట్టు మసకైన మరొక తెలుపు. ఈ రెండింటి మధ్య ముత్యానికి అంచు గీత లేదు, మెడ నీడే ముత్యం ఒళ్లుగా మారిపోయింది. 2018లో మ్యూజియం ఈ చిత్రాన్ని శాస్త్రీయంగా పరీక్షించినప్పుడు, ముత్యాన్ని చెవికి తగిలించే కొక్కెం కూడా అందులో లేదని నిర్ధారించారు. అంత పెద్ద సహజ ముత్యం దొరకడమే అరుదు కనుక, అది గాజుదో ఊహలోదో అయి ఉంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. ఆణిముత్యాలు కొనగల రాణి చిత్రంలో కన్నా, బహుశా ముత్యమే కాని ఈ వస్తువులో ముత్యపు నిగ్గు ఎక్కువగా కనబడటం నన్ను చాలాసేపు అక్కడే నిలబెట్టింది.

మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలో నేను వెతికింది స్పెయిన్ రాజవంశపు ప్రసిద్ధ ముత్యమైన పెరెగ్రీనాను. చిత్రకారుడు ఆంటోనిస్ మోర్ 1554లో వేసిన చిత్తరువులో ఇంగ్లండు రాణి మేరీ ట్యూడర్ గుండెల మీద ఒక పెద్ద బొట్టు ముత్యం ఉంది. అదే పెరెగ్రీనా అని చాలాకాలం చెప్పుకున్నారు. అయితే మేరీ 1558లోనే చనిపోయింది, పనామా అఖాతంలో దొరికిన పెరెగ్రీనా స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ దగ్గరికి సుమారు 1580 నాటికి గానీ రాలేదు. పెరెగ్రీనాను చూడాలంటే స్పెయిన్ ఆస్థాన చిత్రకారుడు వెలాస్కెజ్, అతని తోటి చిత్రకారులు 1635 ప్రాంతంలో పూర్తిచేసిన స్పెయిన్ రాణి మార్గరీటా అశ్వారూఢ చిత్రం దగ్గరికి వెళ్లాలి. రాణి 1611లోనే మరణించింది. వెలాస్కెజ్ ఆస్థానంలో చేరేది 1623లో. అంటే అతను ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి చిత్రించే అవకాశమే లేదు, ముత్యం మాత్రం అప్పటికీ రాజకోశంలోనే ఉంది.

ఈ మెరుపు వెనక ఉన్నవారు ఏ చిత్రంలోనూ లేరు. వెనెజులా తీరంలోని క్యూబాగ్వా దీవి దగ్గర 16వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో స్పెయిన్ వలసదారులు అక్కడి మూలవాసులను బానిసలుగా చేసి, ముత్యపు చిప్పల కోసం సముద్రంలోకి దింపేవారు. వారు పడిన హింసను స్పెయిన్ మతగురువు బార్తొలొమే దె లాస్ కాసాస్ ఆ శతాబ్దంలోనే రాసిపెట్టాడు. తరువాత ఆ పనికి ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలను వాడారు. 1530ల చివరికి చిప్పలు తరిగిపోయి ఆ దీవి జనం చెదిరిపోయారు. చిత్తరువుల పక్కన పెట్టే వివరణల్లో ఈ సంగతికి ఒక్క వాక్యమైనా చోటు దొరకాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ప్రాడోకు వెళ్లేవారు మోర్ చిత్రాన్ని ముందు, మార్గరీటా చిత్రాన్ని తరువాత చూడటం మంచిది. మొదటిదానిలో ముత్యం దగ్గరికి వెళ్లేకొద్దీ స్పష్టమవుతుంది. రెండవది చాలా పెద్ద చిత్రం, ముత్యం కోసం కొంచెం వెనక్కి జరిగి వెతుక్కోవాలి. లోపల ఫొటోలు తీయనివ్వరు కనుక, ఈ రెండింటికీ తగినంత సమయం ముందే కేటాయించుకోవాలి.