రోహిణీ కార్తెలో చేపల తొట్టి

మే నెల వచ్చిందంటే నాకొచ్చే ఫోన్లలో సగం చేపల గురించే. మా ఆడపడుచు, ఆఫీసులో పక్క సీటు ఆవిడ, కింద ఫ్లాటులో ఇంటర్ చదివే అబ్బాయి, అందరిదీ ఒకటే మాట: "చేపలన్నీ పైకొచ్చేసి నోళ్లు తెరుస్తున్నాయి, ఏం చెయ్యాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేదాన్ని, ఈసారి రాసిపెడుతున్నాను. నేను చెప్పేది బెజవాడ ఎండకి సరిపడా సంగతి. గుంటూరు, ఖమ్మం, రామగుండం వాళ్లకీ పనికొస్తుంది. విశాఖ వాళ్లకి మాత్రం ఇందులో ఒకటి అంతగా పనిచెయ్యదు, అదేమిటో ఆ చోటికి వచ్చినప్పుడు చెబుతాను.

మాది మూడడుగుల తొట్టి. వెడల్పూ ఎత్తూ అడుగుంబావు చొప్పున. ఇసుక, రాళ్లు పోను నూరు లీటర్ల పైచిలుకు నీళ్లు పడతాయి. అందులో గప్పీలు, నల్ల మాలీలు, ఒక జత డ్వార్ఫ్ గౌరామీలు, గడ్డిలా పెరిగే వాలిస్నేరియా. ఏసీ లేని హాల్లో ఉంటుంది. రోహిణికి రోళ్లు పగులుతాయంటారు కదా, మా ఊళ్లో పగలు కాగిన కొండలు రాత్రంతా సెగ కక్కుతూనే ఉంటాయి. ఏమీ చెయ్యకుండా వదిలేస్తే తొట్టిలో థర్మామీటరు 33 దాటుతుంది.

చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడాన్ని చాలామంది వడదెబ్బ అనుకుంటారు. గప్పీ, మాలీ లాంటివి వేడి దేశాల చేపలే, 30 దాకా ఏ ఇబ్బందీ లేకుండా ఉంటాయి. వాటికి ముందు వచ్చే కష్టం ఊపిరిది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో మహా అయితే 8 మిల్లీగ్రాముల చిల్లర ఆక్సిజన్ కరుగుతుంది. 33కి వెళ్తే 7 దాటి కాస్త పైన ఆగిపోతుంది. తేడా ఒక్క మిల్లీగ్రామే కదా అనిపిస్తుంది. కానీ అదే వేడికి చేప ఒళ్లు జోరుగా పనిచేస్తుంది, దానికి ఎక్కువ ఊపిరి కావాలి. ఫిల్టరులో ఉండి నీళ్లని శుభ్రంచేసే బ్యాక్టీరియాకీ కావాలి, అడుగున కుళ్లే మేతకీ కావాలి. రాబడి తగ్గిన నెలలోనే ఖర్చులన్నీ మీద పడ్డట్టు అవుతుంది తొట్టి పరిస్థితి.

ఈ విషయం నాకు ఏ పుస్తకమో చెప్పలేదు, మా మావయ్య చెప్పాడు. ఆయనకి కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. శీలావతి, బొచ్చె పెంచుతాడు. తొట్టి కొన్న కొత్తలో ఫోన్ చేసి గొప్పగా చెబుతుంటే ఆయన అడిగింది ఒకటే. "అమ్మాయ్, తెల్లారుజామున లేచి ఎప్పుడన్నా చూశావా వాటిని?" చెరువులో చేప తేలేది ఆ వేళకే. పగలంతా నీళ్లలోని నాచు ఎండకి ఆక్సిజన్ తయారుచేస్తుంది, చీకటి పడ్డాక ఆ నాచే దాన్ని పీల్చుకుంటుంది. అలా తగ్గుతూ తగ్గుతూ తెల్లవారుజాముకి అట్టడుక్కి చేరుతుంది. అందుకే చెరువుల వాళ్లు ఆ వేళప్పుడు ఏరేటర్లు తిప్పుతారు. ముందు తల తేల్చేది బొచ్చె అని, మబ్బు పట్టిన రోజు చెరువులో మేత నింపిన గోతాలు వేలాడగట్టడం ఆపేస్తారని కూడా ఆయనే చెప్పాడు. ఎకరాల చెరువుకైనా నూరు లీటర్ల తొట్టికైనా లెక్క ఇదే. కాబట్టి ఎండాకాలంలో రాత్రిపూట చప్పుడు చేస్తోందని ఎయిర్ పంపు ఆపకండి. ఆపాల్సి వస్తే పగలు ఓ గంట ఆపండి.

ఒకసారి నాలుగున్నరకి లేచి టార్చి పక్కకి తిప్పి పట్టుకుని చూడండి, తేడా ఎంత స్పష్టంగా ఉంటుందో. గౌరామీ నిమ్మళంగా పైకొస్తుంది, ఒక్క గుక్క గాలి పట్టుకుంటుంది, మళ్లీ మొక్కల్లోకి వెళ్లిపోతుంది. అది దానికి మామూలే. మొప్పల పక్కన గాలి పీల్చుకునే అవయవం వేరే ఉంది దానికి. ఫైటర్ చేపకీ ఉంది. గప్పీ పైకొస్తే అలా వెళ్లిపోదు. ఒళ్లు ఏటవాలుగా వేలాడేసి, పెదవి నీటి పైపొరకి ఆనించి, అక్కడే ఉండిపోతుంది. మొప్పలు ఆగకుండా కొట్టుకుంటుంటాయి. దగ్గరికి వెళ్లినా బెదిరి కిందకి పోదు. గప్పీ అలా కనిపించిందంటే ఇంక ఆలోచించకండి, మగ్గుతో తొట్టి నీళ్లే ముంచి జానెడెత్తు నుంచి పొయ్యండి, పోస్తూనే ఉండండి. నీళ్లు పడ్డప్పుడు పైపొర చెదిరి గాలి కలుస్తుంది. తరవాత ఎయిర్ పంపు సంగతి, ఫిల్టరు సంగతి చూసుకోవచ్చు.

చల్లబరచడానికి నేను నమ్మేది ఫ్యానునే. తొట్టి మీద మూత తీసేసి, చేపలు ఎగిరి బయట పడకుండా దోమతెర ముక్క బిగించి కట్టి, చిన్న టేబుల్ ఫ్యాను గాలి నీటి పైపొర మీదుగా ఏటవాలుగా పోయేట్టు పెడతాను. నీరు ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది, కుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. మా పొడి గాలికి రెండు మూడు డిగ్రీలు సులువుగా దిగుతుంది. విశాఖలో, కాకినాడలో గాలి నిండా తేమే కాబట్టి అంత దిగదు. అక్కడివాళ్లు ఎయిర్ పంపు మీదే ఎక్కువ ఆధారపడాలి. ఐసు ముక్కలు వెయ్యడం నాకు అస్సలు ఇష్టం లేదు. గంటలో నాలుగు డిగ్రీలు దిగి, మళ్లీ మధ్యాహ్నానికి నాలుగు ఎక్కితే నిలకడగా ఉండే 32 కన్నా అదే చేపని ఎక్కువ కుంగదీస్తుంది.

ఫ్యాను పెట్టాక రోజూ వేలు మందాన నీళ్లు తగ్గుతాయి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. మొదటిది, మధ్యాహ్నం కుళాయి నీళ్లు పొయ్యద్దు. డాబా మీద నల్ల ప్లాస్టిక్ ట్యాంకులో కాగిన నీళ్లవి, చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. నేను ముందు రాత్రే బకెట్టుకి పట్టి మూత లేకుండా వంటింటి గట్టు కింద పెడతాను. పొద్దునకి చల్లబడతాయి, మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ కూడా చాలావరకు పోతుంది. తొందరైతే షాపుల్లో యాంటీ క్లోరిన్ అని అమ్మే చుక్కలు సీసా మీద రాసిన మోతాదులో వాడొచ్చు.

రెండోది ఎవరూ పట్టించుకోనిది. ఆవిరయ్యేది నీరు మాత్రమే, అందులోని ఉప్పులు తొట్టిలోనే మిగిలిపోతాయి. అద్దం మీద తెల్లటి గీత కడుతుందే, అది అదే. మా అపార్టుమెంటులో వచ్చేది బోరు నీళ్లు. వాటినే రోజూ పోసుకుంటూ పోతే నెలాఖరుకి తొట్టి నీరు ఇంకా గట్టిపడుతుంది, అంటే అందులో ఉప్పులు ఇంకా పెరుగుతాయి. అందుకని తగ్గిన మేరకు మినరల్ వాటర్ క్యాన్ నీళ్లు పోస్తాను, వారానికోసారి పాతిక లీటర్ల పాత నీరు తోడేసి మాత్రం ముందు రాత్రి బకెట్టుకి పట్టిన బోరు నీళ్లే నింపుతాను. తొట్టి మొత్తం క్యాన్ నీళ్లతో నింపద్దు, వాటిలో ఖనిజాలు దాదాపు ఉండవు. గప్పీ, మాలీలకి కాస్త గట్టి నీళ్లే పడతాయి.

బోరు నీళ్లతో ఇంకో చిక్కుంది. చేపల విసర్జనలోంచి, కుళ్లిన మేతలోంచి అమ్మోనియా వస్తుంది. అందులో చేపని చంపే రూపం ఎంత పాలు ఉంటుందనేది పీహెచ్ మీద (నీళ్లు ఆమ్లమా క్షారమా చెప్పే అంకె), వేడి మీద ఆధారపడుతుంది. పీహెచ్ 7 ఉన్న నీళ్లలో 25 డిగ్రీల దగ్గర ఆ పాలు ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. అవే నీళ్లు 32కి కాగితే 8 శాతం పైన. అంటే జనవరిలో పెట్టినంత మేతే మేలోనూ పెడితే, తొట్టి అంతే శుభ్రంగా కనిపిస్తున్నా, లోపల విషం పెరిగిపోయి ఉంటుంది. నేను ఎండల్లో రోజుకి ఒక్కపూటే, పొద్దున్నే, రెండు నిమిషాల్లో తినేసేంతే వేస్తాను. వారంలో ఒకరోజు అసలు వెయ్యను. "పాపం ఆకలేస్తుందేమో" అని మా అత్తయ్య బాధపడతారు. చేపకి ఒకరోజు పస్తు ఏమీ కాదండీ, అమ్మోనియా మాత్రం తట్టుకోలేదు.

కరెంటు పోయే ఊళ్లలో ఉంటే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి తప్పకుండా కొనండి, ఖరీదు పెద్దదేం కాదు. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టరున్నవాళ్లకి ఇంకొక మాట. కరెంటు పోయి చాలా గంటలైతే, వచ్చాక దాన్ని అలాగే ఆన్ చెయ్యద్దు. లోపల గాలాడక బ్యాక్టీరియా చచ్చి, నిలవున్న నీళ్లు కంపు కొడుతుంటాయి. ఆ నీళ్లు పారబోసి, తొట్టి నీళ్లతోనే కడిగి పెట్టుకోవాలి. నేను స్పాంజి ఫిల్టరు దగ్గరే ఆగిపోవడానికి ఇదే కారణం. గాలి బుడగలతో నడుస్తుంది, బ్యాటరీ పంపుకి గొట్టం తగిలిస్తే చాలు. దాన్ని ఎప్పుడూ కుళాయి కింద పిండకండి, క్లోరిన్ తగిలితే అందులో పెరిగిన బ్యాక్టీరియా పోతుంది. నీళ్లు మార్చినప్పుడు తోడిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండితే గోధుమరంగు మడ్డి దిగిపోతుంది.

ఇక గోల్డ్ ఫిష్. కింద ఫ్లాటు అబ్బాయి వాళ్ల చెల్లికి గాజు గిన్నెలో రెండు గోల్డ్ ఫిష్ కొనిస్తానన్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. అది మన బొచ్చె, శీలావతి కుటుంబపు చేపే, చైనాలో తరతరాలుగా పెంచి రంగులు తెప్పించింది. బాగా పెరుగుతుంది, బాగా తింటుంది, అంతకంతా మురికి చేస్తుంది, పైగా చల్లటి నీళ్లు కోరుకుంటుంది. గుండ్రటి గిన్నెలో, పంపు లేకుండా, బెజవాడ మేలో దాన్ని పెట్టడం హింసే. ఎండల్లో అసలు ఏ చేపా కొనద్దని నా సలహా. ఆక్సిజన్ నింపిన సంచిలో ఎక్కడినుంచో వచ్చి, షాపులో అలిసిపోయి ఉన్నవి, మళ్లీ స్కూటరు మీద ఎండలో మన ఇంటిదాకా రావాలి.

మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడగానే హాయిగా ఊపిరి పీల్చుకుని తొట్టిని మర్చిపోతుంటారు. తెల్ల మచ్చల జబ్బు ఎక్కువగా తగులుకునేది అప్పుడే, వేడి ఒక్కసారిగా పడిపోయినప్పుడు. ఒంటి మీద, తోక మీద ఉప్పు పలుకుల్లా కనిపిస్తాయి, చేప రాళ్లకి ఒళ్లు రుద్దుకుంటుంది. వాన పడిన రాత్రి ఫ్యాను కట్టేయండి, మూత వేసేయండి. ఆ వారం రోజూ ఒకసారి ఒక్కో చేపనీ పక్క నుంచి పరీక్షగా చూడండి. గోల్డ్ ఫిష్ మీద అంతగా మనసు పడ్డవాళ్లు పెద్ద తొట్టి, మంచి ఫిల్టరు సిద్ధం చేసుకుని కార్తీకంలో కొనుక్కోండి. ఆ అబ్బాయికీ ఇదే చెప్పాను, సరేనన్నాడు.